కప్ప కళ్లు మూసుకుని ఎందుకు మింగుతుంది?

మా అన్నయ్య వాళ్లది మిర్యాలగూడ దగ్గర పల్లె. ఇంటి వెనక నుంచే సాగర్ ఎడమ కాలువ కింద పారే వరి పొలాలు. మూడేళ్ల మేనకోడలి కోసం అట్టముక్కలు కుట్టి ఒక బొమ్మల పుస్తకం చేశాను. పేజీకో బొమ్మ, బొమ్మకో చరణం:

పచ్చగడ్డి మేసె మిడత – గంతులేసి గంతులేసి
మిడతను పట్టె కప్ప – నాలుక చాచి నాలుక చాచి
కప్పను మింగె జెర్రిపోతు – మెల్లగ పాకి మెల్లగ పాకి
పామును తన్నుకుపోయె గద్ద – రెక్కలు చాపి రెక్కలు చాపి

వదిన చూసి, "మూడేళ్ల పిల్లకు ఈ చంపుకు తినుడెందుకు, భయపడదా?" అంది. న్యాయమైన ప్రశ్నే. 2009లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు జూడీ డెలోష్, వెనెసా లోబ్యూ పసిపిల్లలకు పాముల వీడియోలు, వేరే జంతువుల వీడియోలు చూపించారు. పామును చూసి పిల్లలు భయపడలేదు. కానీ భయపడుతున్న మనిషి గొంతు వినిపించినప్పుడు మాత్రం పాము వైపు ఎక్కువసేపు చూశారు. అంటే భయం బొమ్మలో లేదు, చదివేవాళ్ల గొంతులో ఉంది. అందుకే ఆ పేజీని మామూలు గొంతుతోనే చదువుతాం. నిజం పాము కనబడితే మాత్రం దూరం జరిగి పెద్దవాళ్లను పిలవాలని విడిగా నేర్పాం.

పాప మొదటిరోజే అడిగింది: "పాముకు చేతుల్లేవు కదా అత్తమ్మా, ఎట్ల తింటది?"

ఎంత మంచి ప్రశ్న! మన కింది దవడ గడ్డం దగ్గర ఒకటే ఎముకగా అతుక్కుని ఉంటుంది. పాముకు అలా కాదు. దవడ రెండు సగాలనూ ముందు భాగంలో సాగే బంధాలు మాత్రమే కలిపి ఉంచుతాయి. ఒక పక్క పళ్లతో పట్టి ఉంచి, రెండో పక్కను ముందుకు జరుపుతుంది; మళ్లీ ఇటు. అలా తన తలకంటే లావైన ఎలుకనైనా మింగేస్తుంది. జెర్రిపోతుకు విషం లేదు. వరి చేలో ఎలుకల వెంట బొరియల్లోకి దూరేది అదే. అయినా నాగుపామనుకుని కట్టెలతో కొట్టి చంపుతుంటారు. ఆ చచ్చిన పామును గట్టు మీద చూసినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టవుతుంది.

కప్ప పేజీ ఇంకా బాగుంటుంది. కప్ప నాలుక వెనక కాదు, నోటి ముందు భాగంలో అతికి ఉంటుంది. విసిరితే మనం రెప్ప వేసేలోపు మిడత దానికి అంటుకుని లోపలికి వచ్చేస్తుంది. నమలడం కప్పకు రాదు. మింగేటప్పుడు కళ్లు మూసుకుని, కనుగుడ్లను తల లోపలికి దించుతుంది. అంగిలి వైపు దిగిన ఆ గుడ్లు మిడతను గొంతులోకి నెడతాయి. వానాకాలంలో పొలం గట్టు మీద ఓపిగ్గా కూర్చుంటే ఇది కళ్లారా చూడొచ్చు.

బొమ్మలు వేసేటప్పుడు మిడతల పేజీ నిండా మిడతలు వేశాను. కప్పలు కొన్ని, జెర్రిపోతులు రెండు, గద్ద ఒక్కటే. దీని వెనక లెక్క ఉంది. అమెరికాలో ఒక చిన్న చెరువును పరిశీలించి రేమండ్ లిండెమన్ 1942లో రాసిన వ్యాసం, తిండి ద్వారా శక్తి ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు ఎలా చేరుతుందో చూపింది. అది అచ్చయ్యేనాటికి ఆయన లేరు, 26 ఏళ్లకే పోయారు. పై మెట్టుకు చేరేది సుమారు పదో వంతేనని ఇప్పుడు పాఠాల్లో చెబుతారు. మిగతాది గెంతడానికి, ఊపిరి తీయడానికి ఖర్చయిపోతుంది. కొంత మట్టిలో కలుస్తుంది.

"పెద్దపులి ఏది?" అని పాప పట్టు పట్టింది. పులి పేజీ కూడా చేర్చాను, నల్లమలలో అమ్రాబాద్ అడవి బొమ్మతో. పెద్దపులికి దాదాపు వారానికో దుప్పి కావాలి, అంటే ఏడాదికి 50. ఆ 50 పోయినా మంద తగ్గకుండా ఉండాలంటే సుమారు 500 ఉండాలి. వాటికి మేత, నీళ్లు కావాలి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,600 చదరపు కిలోమీటర్ల పైచిలుకు ఎందుకుందో ఆ లెక్కే చెబుతుంది. ఆ పేజీలో పులిని మూలకు వేసి, మిగతా చోటంతా దుప్పులతో నింపాను.

పాపకు మాత్రం కప్పే నచ్చింది. ఇప్పుడు బువ్వ ముద్ద నోట్లో పెట్టగానే కళ్లు గట్టిగా మూసుకుని మింగుతోంది.