హౌసింగ్ బెనిఫిట్ డబ్బులు ఓనర్‌కా, అద్దెకుండేవాళ్ళకా? ఇంగ్లాండ్‌లో నేను రోజూ వినే అపోహలు

మొన్న మా తెలుగు వాట్సాప్ గ్రూపులో ఒకాయన అడిగారు, "బయ్-టు-లెట్ ఫ్లాట్ (అద్దెకివ్వడానికే కొన్నది) ఉంది, బెనిఫిట్స్ (ప్రభుత్వ సాయం) మీద ఉన్న ఫ్యామిలీ అడుగుతున్నారు, గవర్నమెంట్ డబ్బే కాబట్టి రెంట్ డైరెక్ట్‌గా నాకే వేసేస్తారు కదా, గ్యారంటీ కదా" అని. కింద సగంమంది "ఇచ్చెయ్యన్నా, సేఫ్" అన్నారు, మిగతా సగం "వద్దన్నా, డబ్బు వాళ్ళ చేతికే ఇస్తారు, నీకు పైసా రాదు" అన్నారు. రెండూ సగం సగం తెలిసి చెప్పినవే. నేను ముందు ఒక కౌన్సిల్ (మన మునిసిపాలిటీ లాంటిది) బెనిఫిట్స్ సెక్షన్‌లో క్లెయిమ్‌లు చూసేదాన్ని, ఇప్పుడు ఒక హౌసింగ్ అసోసియేషన్‌లో (లాభం కోసం కాకుండా తక్కువ అద్దెకి ఇళ్ళిచ్చే సంస్థలో) ఇన్‌కమ్ ఆఫీసర్ని, అంటే పొద్దున్నే కంప్యూటర్ తెరిస్తే ఎవరి అద్దె ఎన్ని వారాలు బాకీ అన్న లిస్టే నా సుప్రభాతం. డబ్బు ఇచ్చే కౌంటర్‌లోనూ కూర్చున్నా, వసూలు చేసే కౌంటర్‌లోనూ కూర్చున్నా, కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నా.

అపోహ: ఇదివరకు ఎప్పుడూ ఓనర్‌కే వచ్చేది, యూనివర్సల్ క్రెడిట్ (రకరకాల బెనిఫిట్లని కలిపి నెలనెలా ఇచ్చే ఒకే సాయం) వచ్చి చెడగొట్టింది.

పూర్తిగా నిజం కాదు. హౌసింగ్ బెనిఫిట్, అంటే తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి అద్దె కోసం ఇచ్చే సాయం, 1982-83లో మొదలైంది, కౌన్సిళ్ళ చేతికిచ్చారు. కౌన్సిల్ ఇళ్ళలో ఉండేవాళ్ళకి డబ్బు చేతికి వచ్చేదే కాదు, వాళ్ళ అద్దె ఖాతాలోనే ఆ మేరకు తగ్గించేసేవాళ్ళు. ప్రైవేట్ ఇంట్లో ఉండేవాళ్ళు మాత్రం ఒక టిక్ పెట్టి ఓనర్‌కి పంపమనొచ్చు, లేకపోతే తామే తీసుకోవచ్చు. ఆ టిక్‌ని తీసేసింది లోకల్ హౌసింగ్ అలవెన్స్, అంటే ఏరియాని బట్టి అద్దె సాయానికి ఒక రేటు పెట్టే పద్ధతి. 2003లో బ్లాక్‌పూల్, లీడ్స్, లూయిషమ్ లాంటి తొమ్మిది చోట్ల ట్రయల్ వేసి, 2008 ఏప్రిల్ 7 నుంచి కొత్తగా క్లెయిమ్ చేసే ప్రైవేట్ టెనెంట్లందరికీ పెట్టారు. డబ్బు టెనెంట్‌కే, అద్దె కట్టుకోవడం టెనెంట్ బాధ్యతే. అప్పుడు కౌన్సిల్‌లో మా ఫోన్లు ఆగకుండా మోగేవి, అన్నీ ఓనర్లవే. ఇంకో తమాషా ఏంటంటే అలవెన్స్ కన్నా తక్కువ అద్దెకి ఇల్లు వెతుక్కుంటే మిగిలిన దాంట్లో వారానికి 15 పౌండ్ల దాకా టెనెంటే ఉంచుకోవచ్చు అనేవారు, 2011లో అది ఎత్తేశారు.

తర్వాత 2013 ఏప్రిల్‌లో ఆష్టన్-అండర్-లైన్‌లో యూనివర్సల్ క్రెడిట్ మొదలైంది. అద్దె భాగం కూడా నెలకోసారి మిగతా డబ్బుతో కలిపి ఒకే ఖాతాలో పడుతుంది, జీతం లాగా. ఈసారి కౌన్సిల్, హౌసింగ్ అసోసియేషన్ టెనెంట్లకి కూడా. అద్దె డబ్బు కంటితో చూడని వాళ్ళకి ఒక్కసారిగా అది చేతికొచ్చింది, అసలు గొడవ అక్కడే పెద్దదైంది. పెన్షన్ వయసు వాళ్ళకి, సపోర్టెడ్ ఇళ్ళలో (బాగోగులు కూడా చూసే ఇళ్ళు), టెంపరరీ ఇళ్ళలో ఉండేవాళ్ళకి ఇప్పటికీ పాత హౌసింగ్ బెనిఫిట్టే, కౌన్సిలే ఇస్తుంది.

అపోహ: టెనెంట్ చేతికిస్తే ఖర్చుపెట్టేస్తారు, అద్దె కట్టరు.

ఈ మాట మన తెలుగువాళ్ళకి కొత్తేం కాదు. ఆంధ్రలో విద్యా దీవెన ఫీజు డబ్బులు కాలేజీకి కాకుండా తల్లుల ఖాతాలో వేస్తే అచ్చంగా ఇదే లొల్లి, కట్టట్లేదని కాలేజీలు కోర్టుకెళ్ళాయి, 2021 సెప్టెంబర్‌లో హైకోర్టు కాలేజీలకే ఇవ్వమంది. తల్లుల్ని అనుమానించినవాళ్ళు ఒక పక్క, అవమానిస్తున్నారని ఇంకో పక్క. ఇక్కడా సేమ్ టు సేమ్.

సరే, ఇక్కడ లెక్క చూద్దాం. యూనివర్సల్ క్రెడిట్‌కి ముందు 2012-13లో ఎడిన్‌బరా, ఆక్స్‌ఫర్డ్, ష్రాప్‌షైర్, సదక్, టోర్‌ఫైన్, వేక్‌ఫీల్డ్ అని ఆరు చోట్ల సోషల్ టెనెంట్లకి (కౌన్సిల్, హౌసింగ్ అసోసియేషన్ ఇళ్ళలో ఉండేవాళ్ళకి) డబ్బు నేరుగా ఇచ్చి చూశారు. మొత్తం మీద రావాల్సిన అద్దెలో సుమారు 95 శాతం వచ్చింది. చాలామంది చాలావరకు కట్టారు. కానీ మాలాంటి సంస్థకి ఆ పోయిన 5 శాతమే పెద్ద దెబ్బ, రిపేర్లకీ జీతాలకీ వచ్చేది ఆ అద్దెలోంచే కదా. రెండు పక్షాలూ అదే రిపోర్టు చూపించి మేమే గెలిచాం అన్నారు! దాంట్లో నాకు ముఖ్యమనిపించింది వేరే, కట్టడం బాగా పడిపోయింది మొదటి నెలల్లో, తర్వాత తర్వాత పెరిగింది.

నా లిస్టులోనూ ఇదే కనపడుతుంది. యూనివర్సల్ క్రెడిట్ వెనక నెలకి ఇస్తారు, అంటే క్లెయిమ్ చేశాక మొదటి డబ్బు చేతికి రావడానికి ఐదు వారాలు (మొదట్లో ఆరు వారాలు, 2018లో కాస్త తగ్గించారు). మా అద్దె మాత్రం ముందే కట్టాలి. ఈ ఐదు వారాలు తినాలి, పిల్లల్ని బడికి పంపాలి, గ్యాస్ మీటర్ టాప్-అప్ చేయాలి. అడ్వాన్స్ ఇస్తారు గానీ అది అప్పే, తర్వాత నెలనెలా కోసుకుంటారు. కాబట్టి చాలామంది నా దగ్గరికి వచ్చేసరికే ఒక నెల పైన బాకీతో వస్తారు, పబ్‌లో కూర్చుని పోగొట్టిందేం లేదు పాపం. అలా పోగొట్టుకునేవాళ్ళు అసలు లేరా అంటే ఉన్నారు, తాగుడు ఉన్నవాళ్ళూ జూదం ఉన్నవాళ్ళూ నాకు తెలుసు, వాళ్ళకి డబ్బు చేతికివ్వడం నిజంగా ప్రమాదమే, వాళ్ళే వచ్చి "నాకివ్వొద్దు, మీకే వేయించుకోండి" అని అడుగుతారు ఒక్కోసారి.

అపోహ: ఓనర్‌కి డైరెక్ట్‌గా పడితే అద్దె గ్యారంటీ.

గ్రూపులో అడిగిన అన్నకి నేను ముందు చెప్పింది ఇదే. మొదటిది, వచ్చేది మీ అద్దె కాదు, ఆ ఏరియాకి పెట్టిన లోకల్ హౌసింగ్ అలవెన్స్ మాత్రమే. మీ చుట్టుపక్కల 100 ఇళ్ళని అద్దె వరసలో తక్కువ నుంచి ఎక్కువకి పేర్చండి, కింద నుంచి 30వ ఇంటి అద్దె ఎంతో అంత. 2011కి ముందు మధ్యలో ఇల్లు, అంటే 50వది లెక్క. అదైనా ఏటా పెంచుతారా అంటే 2016 నుంచి నాలుగేళ్ళు కదలలేదు, 2020లో పెంచి మళ్ళీ నాలుగేళ్ళు ఆపేశారు, 2024 ఏప్రిల్‌లో పెంచి తర్వాతి ఏడాది మళ్ళీ ఫ్రీజ్. అద్దెలు ఈలోపు ఆగాయా? ఉదాహరణకి మీ అద్దె 1,500, అలవెన్స్ 1,250 అనుకోండి, ఆ 250 టెనెంట్ తిండి ఖర్చులోంచి తీసి కట్టాల్సిందే, డైరెక్ట్ పేమెంట్ పెట్టినా ఆ 250 డైరెక్ట్‌గా రాదు. 35 లోపు వయసున్న ఒంటరివాళ్ళకి అయితే చాలావరకు షేర్డ్ ఇంట్లో ఒక గదికి లెక్కకట్టి అంతే ఇస్తారు.

రెండోది, పనికెళ్ళే టెనెంట్ జీతం పెరిగితే యూనివర్సల్ క్రెడిట్ తగ్గుతుంది, ఒక లిమిట్ దాటాక సంపాదించే ప్రతి పౌండుకి 55 పెన్నీలు పోతుంది. ఓవర్‌టైమ్ చేసిన నెలలో మొత్తం బెనిఫిట్టే మీ అద్దె కన్నా చిన్నదైపోతే మీకొచ్చేది ఆ మిగిలిందే. డిసెంబర్‌లో షాపుల్లో ఎక్స్‌ట్రా షిఫ్టులు చేసినవాళ్ళ అద్దె జనవరిలో సగమే వచ్చి, "గవర్నమెంట్ ఎందుకు కోసింది" అని ఓనర్లు అడుగుతారు, టెనెంట్‌కేమో అద్దె ఎప్పటిలాగే వెళ్ళిపోయిందన్న ధీమా.

మూడోది ఎవరూ చెప్పరు. పాత హౌసింగ్ బెనిఫిట్‌లో ఓనర్‌కి నేరుగా వెళ్ళిన డబ్బు ఎక్కువ ఇచ్చేశామని తర్వాత తేలితే కౌన్సిల్ ఓనర్ దగ్గరే వెనక్కి అడగొచ్చు. ఓనర్ ఇవ్వకపోతే ఆయనకున్న వేరే టెనెంట్ తాలూకు పేమెంట్‌లోంచి కోసుకోవచ్చు, ఆ రెండో టెనెంట్‌కి ఏ పాపం తెలియకపోయినా. ఆఫీసులో వాళ్ళని మేము "బ్లేమ్‌లెస్ టెనెంట్" అనేవాళ్ళం. (ఆ టెనెంట్ అద్దె కట్టినట్టే లెక్క, ఓనర్ వాళ్ళని అడగకూడదు.) ఇది తెలిశాక కొంతమంది ఓనర్లు టెనెంట్ ద్వారా తీసుకోవడమే నయం అన్నారు.

అపోహ: బాకీ పడగానే ఫోన్ చేస్తే ఓనర్‌కి మార్చేస్తారు.

ఫోన్ చేస్తే టెనెంట్ బెనిఫిట్‌లో ఉన్నాడో లేడో కూడా చెప్పరు, డేటా ప్రొటెక్షన్. యూనివర్సల్ క్రెడిట్‌లో సాధారణంగా 2 నెలల అద్దె బాకీ పడాలి, లేదా మళ్ళీ మళ్ళీ తక్కువ కట్టి ఒక నెలంత పేరుకోవాలి, అప్పుడు ఓనర్ అప్లై చేసుకోవచ్చు. అప్పు, అడిక్షన్, మానసిక సమస్య, ఇల్లు పోయే ప్రమాదం లాంటివి ఉంటే టెనెంటే ముందుగా అడగొచ్చు, బాకీ పడేదాకా ఆగక్కర్లేదు, ఇది చాలామందికి తెలీదు.

నాకు ఎప్పుడూ మింగుడుపడని సంగతి ఒకటుంది. పాత హౌసింగ్ బెనిఫిట్‌లో 8 వారాలు బాకీ పడితే కౌన్సిల్ ఓనర్‌కి నేరుగా ఇవ్వాలి. ఇంగ్లాండ్ చట్టంలో కోర్టు తప్పనిసరిగా ఖాళీ చేయించాల్సిన బాకీ కూడా అదే 8 వారాలు లేదా 2 నెలలుగా ఉండేది. అంటే కాపాడే తలుపూ వెళ్ళగొట్టే తలుపూ ఒకే రోజు తెరుచుకునేవి, ఓనర్ ఏ తలుపు తడతాడన్నది అతని దయ. రెంటర్స్ రైట్స్ చట్టం ప్రకారం 2026 మే 1 నుంచి ప్రైవేట్ ఇళ్ళకి రెండోది 3 నెలలకి మారింది, పైగా రావాల్సిన యూనివర్సల్ క్రెడిట్ ఇంకా అందక పడిన బాకీని ఆ లెక్కలో కలపకూడదు. ఈ ఒక్క నెల గ్యాప్ కోసం ఇన్నేళ్ళు పట్టింది.

ఇంకోటి, టెనెంట్‌ని ఒక్క మాట అడక్కుండా మాలాంటి సంస్థ అడిగిందని బెనిఫిట్‌లోంచి బాకీ కోసి పంపేయడం తప్పని 2025 జనవరిలో హైకోర్టు చెప్పింది. మా ఆఫీసులో కొంతమంది గొణిగారు గానీ నాకు సరైందే అనిపించింది, రిపేర్ గొడవ వల్లో తప్పు లెక్క వల్లో బాకీ కనపడుతుంటే అవతలి మాట వినాలిగా.

అపోహ: అద్దె కట్టారా లేదా అన్నదే ముఖ్యం, ఎవరి చేతికొస్తే టెనెంట్‌కేంటి?

ఇద్దరి గురించి చెప్తా, వివరాలు మార్చి. ఒకావిడ భర్త పోయాక కొన్నాళ్ళు యూనివర్సల్ క్రెడిట్ తీసుకున్నారు. ఇంటి ఓనర్ మన తెలుగాయనే, ఉగాదికీ బతుకమ్మకీ ఒకే హాల్లో కలుస్తారు. "అమ్మా, ఆయన ఖాతాలోకి గవర్నమెంట్ డబ్బు పడితే ఊరంతా తెలుస్తుంది, నేనే కడతాను, ఒక్క రోజు లేటవ్వదు" అన్నారు. అవ్వలేదు కూడా. ఆవిడకి డబ్బు తన చేతి మీదుగా వెళ్ళడం అంటే తల ఎత్తుకుని తిరగడం.

ఇంకో అమ్మాయి, ఇద్దరిదీ జాయింట్ క్లెయిమ్, డబ్బు పడేది భర్త ఖాతాలో. అద్దె కడుతున్నాడనే అనుకుంది. మా నోటీసు తలుపు కింద నుంచి లోపలికొచ్చిన రోజు తెలిసింది నాలుగు నెలలు కట్టలేదని. ఆ అమ్మాయి విషయంలో డైరెక్ట్‌గా మాకే వచ్చుంటే ఎంత బావుండేదో. ఇలాంటి చోట డబ్బుని ఇద్దరికీ విడగొట్టి వేయమని కూడా అడగొచ్చు, కానీ భర్త ఇంట్లో ఉండగా ఏ ఆడపిల్ల ధైర్యంగా అడుగుతుంది చెప్పండి.

అపోహ: బ్రిటన్ అంతా ఒకటే రూలు.

కాదు. నార్తర్న్ ఐర్లాండ్‌లో యూనివర్సల్ క్రెడిట్ అద్దె భాగం మామూలుగానే ఓనర్‌కి వెళ్తుంది, మిగతాది నెలకి రెండుసార్లు ఇస్తారు. స్కాట్లాండ్‌లో 2017 అక్టోబర్ నుంచి టెనెంట్‌నే అడుగుతారు, నీకు కావాలా, ఓనర్‌కి పంపమంటావా అని. ఇంగ్లాండ్, వేల్స్‌లో మాత్రం చేతికే, కష్టం నిరూపించుకుంటేనే మార్పు. నన్నడిగితే స్కాట్లాండ్ వాళ్ళదే కరెక్టు. పైన చెప్పిన ఇద్దరు ఆడవాళ్ళకీ పనికొచ్చే రూలు అదొక్కటే, కనీసం అడుగుతారు. నేను వసూలు చేసే ఉద్యోగంలో ఉండి ఈ మాట అంటున్నానని మా మేనేజర్‌కి నచ్చదు, మనోడు అందరికీ డైరెక్టే పెట్టాలంటాడు.

అపోహ: "నో డీఎస్ఎస్" (అంటే బెనిఫిట్స్ వాళ్ళకి ఇవ్వం) అని యాడ్‌లో పెట్టేస్తే గొడవ ఉండదు.

ఇప్పుడు గొడవ దాంతోనే. ఆ డీఎస్ఎస్ అనే డిపార్ట్‌మెంటే 2001లో పోయింది, మాట మిగిలింది. 2020లో యార్క్ కౌంటీ కోర్టు బెనిఫిట్స్ వాళ్ళందరినీ గంపగుత్తగా వద్దనడం వివక్ష కిందికే వస్తుందంది, రెంటర్స్ రైట్స్ చట్టం దాన్ని నేరుగా నిషేధించింది. ఆదాయం సరిపోతుందా లేదా అని చూడొచ్చు, బెనిఫిట్ అనగానే తలుపేయకూడదు.

అపోహ: మా అబ్బాయి స్టూడెంట్ వీసా మీద ఉన్నాడు, అద్దెకి బెనిఫిట్ అడగొచ్చు.

వద్దు, దయచేసి వద్దు. స్టూడెంట్, గ్రాడ్యుయేట్, స్కిల్డ్ వర్కర్ వీసాల మీద "నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్" (ప్రభుత్వ సాయం తీసుకోకూడదు) అని ఉంటుంది, హౌసింగ్ బెనిఫిట్, యూనివర్సల్ క్రెడిట్ రెండూ దాని కిందకే వస్తాయి, తీసుకుంటే వీసాకే ఎసరు. ఎవరో ఏజెంట్ ఫామ్ నింపిస్తా అంటే దూరంగా ఉండమనండి. ఫుల్‌టైమ్ స్టూడెంట్లు మాత్రమే ఉండే ఇంటికి కౌన్సిల్ టాక్స్ మినహాయింపు మాత్రం వేరే సంగతి, అది అడగొచ్చు.

ఇంతకీ గ్రూపులో అడిగిన అన్నకి ఏం చెప్పానంటే, అలవెన్స్ ఎంతో ఆన్‌లైన్‌లో చూసుకోండి, మీ అద్దెకీ దానికీ తేడా ఎంతో ఆ ఫ్యామిలీతో కూర్చుని మాట్లాడండి, వాళ్ళకి డబ్బు ఏ తేదీన పడుతుందో అడగండి అన్నా. వాళ్ళు క్లెయిమ్ చేసింది 12న, అంటే ప్రతినెలా 18న పడుతుంది. ఈయన అగ్రిమెంట్‌లో అద్దె తేదీ 1 అని ఉంది. ఆ తేదీని 19కి మార్చుకుని, ఆ రోజుకి స్టాండింగ్ ఆర్డర్ (బ్యాంకు నుంచి నెలనెలా దానంతటదే వెళ్ళేలా) పెట్టించుకున్నారు.