6 వేల వ్యూలు, 2 ఆర్డర్లు

బరంపురం

చిరంజీవి చిట్టికి, చిట్టి భుజం మీంచి తొంగిచూసి ఈ ఉత్తరం చదివే పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

"అమ్మ అప్పడాలు ఒత్తే వీడియో ఇన్‌స్టాగ్రామ్‌లో 6 వేల మంది చూశారు, 400 లైకులు వచ్చాయి, ఆర్డర్లు మాత్రం 2. మిగతావాళ్ళకి నచ్చలేదా తాతయ్యా?" అని అడిగావు.

నచ్చింది తల్లీ. కానీ ముందు నీ లెక్క సరిచెయ్యాలి. 6 వేల వ్యూలంటే 6 వేల మంది కాదు. ఒకే మనిషి మూడుసార్లు చూస్తే మూడు వ్యూలు పడతాయి. ఎంతమందికి చేరిందో చెప్పే అంకె వేరే ఉంది, దాన్ని రీచ్ అంటారు. వ్యూలకంటే అది తక్కువే ఉంటుంది. ఆ రీచ్‌లో ఎవరెవరున్నారన్నది అసలు సంగతి. అది తేల్చేది మీ అమ్మ కాదు.

పెళ్ళి భోజనాల బంతి తలుచుకో. వంట మీ అమ్మది. అడ్డాకు విస్తళ్ళ ముందు కూర్చున్నది జనం. గరిటె పట్టుకుని తిరిగేవాడు ఇన్‌స్టాగ్రామ్. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు కదా, ఈ వడ్డించేవాడు ఎవరి మనిషీ కాదు. వాడికి కావలసిందల్లా జనం విస్తళ్ళ ముందునుంచి లేవకుండా ఉండడం. ఎంతసేపు కూర్చుంటే అన్ని ప్రకటనలు చూపించవచ్చు, వాడి సంపాదన అక్కడుంది.

2016 దాకా ఇన్‌స్టాగ్రామ్ వడ్డన వరసగా సాగేది. ఆఖర్న పెట్టిన ఫోటో పైన, అంతకుముందుది కింద. ఆ ఏడాది వరస తీసేసి ఎవరికి ఏది నచ్చుతుందో అంచనా కట్టి వడ్డించడం మొదలుపెట్టారు. ఇప్పుడు మీ అమ్మ రీల్, అంటే చిన్న వీడియో, పెట్టగానే ముందు కొద్దిమంది విస్తళ్ళలో తలా ఒక గరిటె పడుతుంది. వాళ్ళు తిన్నారా, పక్కకి నెట్టేశారా అని చూస్తాడు. తింటే తర్వాతి బంతికి గుండిగ కదులుతుంది. నెట్టేస్తే అక్కడే ఆగిపోతుంది. చూసేది ముఖ్యంగా మూడు. వీడియోని ఎంతసేపు చూశారు, చేరినవాళ్ళలో ఎంతమంది లైకు కొట్టారు, ఎంతమంది ఇంకొకరికి పంపారు. ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మొసెరి 2025 జనవరిలో తనే చెప్పిన మాట ఇది. కొత్తవాళ్ళకి చేరాలంటే లైకు కంటే ఇంకొకరికి పంపడం ఎక్కువ పనిచేస్తుంది. "మా వదినకీ కాస్త వెయ్యండి" అని పక్క విస్తరి చూపించడం లాంటిదది.

మా చిన్నప్పుడు పెళ్ళిళ్ళలో మగపిల్లలకి ఉప్పూ మంచినీళ్ళూ వడ్డించే పని అప్పజెప్పేవారు. కూరల బకెట్లు మా చేతికి వచ్చేవి కావు. ఒకందుకు ఆ పని మంచిదే. ఏ విస్తట్లో ఏం మిగిలిందో, దేనికి మారు అడుగుతున్నారో వంటవాడికంటే ముందు మాకు తెలిసేది. విస్తట్లో వదిలేసి లేచిన పెద్దమనుషుల్ని చూసి మేం మొహాలు చిట్లించేవాళ్ళం. మీరూ వేయించుకున్నది తినండి, తినలేనిది వద్దనండి.

పోలిక సాగుతోంది కదా, ఇంకో రెండడుగులు వేస్తాను. కొంతమంది డబ్బిచ్చి వేలకి వేలు ఫాలోవర్లని కొంటారు. అంటే ఇంట్లో తినొచ్చినవాళ్ళని పిలిచి మొదటి బంతిలో కూర్చోబెట్టడం. వాళ్ళు ముట్టరు. వడ్డించేవాడు అది చూసి ఇదెవరికీ రుచించలేదనుకుంటాడు, ఆకలితో ఉన్న రెండో బంతికి గుండిగ వెళ్ళనే వెళ్ళదు. ఇక బూస్ట్ అని ఒక నొక్కు ఉంటుంది, డబ్బు కడితే మన వీడియోని ముందు వడ్డిస్తారు. అక్కడ కూడా డబ్బొక్కటే చూడరు. ప్రతి ప్రకటన చోటుకీ వేలంపాట నడుస్తుంది. ఎంత పాడావు, ఈ మనిషి దీన్ని నొక్కే అవకాశం ఎంత, ప్రకటన నాణ్యత ఎంత అన్న మూడూ కలిపి లెక్క కడతారు. అందుకే బాగోలేని వీడియోకి డబ్బు పోస్తే ఖరీదెక్కువ, ఫలితం తక్కువ. కట్టిన దానిమీద 18 శాతం జీఎస్టీ అదనం. అమ్మ బూస్ట్ చెయ్యాలంటే దేశమంతా అని వదిలెయ్యకుండా మీ ఊరు రాయగడ, దాని చుట్టుపక్కల ఇన్ని కిలోమీటర్లు అని గిరి గీసుకోవాలి.

ఎందుకంటే ఆ వీడియో చూసినవాడు రాజ్‌కోట్‌లో ఉంటే ఏం లాభం? చాలా ప్రైవేటు కొరియర్లు తూకం ఒక్కటే చూడవు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో హెచ్చవేసి 5000తో భాగిస్తారు. వచ్చిన అంకె, అసలు తూకం, రెంటిలో ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటారు. కిలో అప్పడాలు 35×35×12 పెట్టెలో పెట్టి పంపితే 2.94 వస్తుంది, అంటే దాదాపు 3 కిలోల ఛార్జీ. అవే అప్పడాల్ని రెండు దొంతరలు చేసి పక్కపక్కన 17×34×10 పెట్టెలో సర్దితే 1.16. అప్పడం కాదు, పెట్టెలోని గాలి ఆర్డర్లని తరిమేస్తోంది! దొంతర కిందా పైనా గుండ్రటి అట్టముక్క పెట్టి, కదలకుండా పాలిథిన్ బిగించి చుట్టాలి. కదిలితేనే అంచులు విరుగుతాయి. మరీ ఎండబెట్టినా పెళుసెక్కి పగులుతాయి, తడి మిగిలితే బూజు. నీడపట్టున ఆరి, వంచితే కాస్త వంగాలి. ఈ సంగతి మీ అమ్మమ్మకి నాకంటే బాగా తెలుసు.

ఇప్పుడు వీడియో సంగతి. నువ్వు పంపిన లింకులో మొదట అమ్మ నమస్కారం పెడుతుంది, తర్వాత దుకాణం పేరు, తర్వాత మినప్పిండి, ఇంగువ, అప్పడాల కర్ర. ఆఖర్న ఎప్పుడో నూనె. అప్పటికి జనం వేలితో పైకి తోసేసి ఉంటారు. మొదటి మూడు సెకన్లలోనే నూనెలోకి అప్పడం జారాలి. అంచులు ముందు తెల్లబడతాయి, చుట్టూ సన్నటి బుడగలు లేస్తాయి, నడిమి భాగం ఒక్కసారిగా ఉబ్బి మూకుడంత అవుతుంది. దాన్ని దగ్గర్నుంచి తియ్యి, కిటికీ వెలుతురు పక్కనుంచి పడేలా. ఆ చిటపట చప్పుడు అలాగే ఉంచు. బిజినెస్ అకౌంటుకి సినిమా పాటలు చాలామటుకు దొరకవు, దొరికినా ఆ చప్పుడు ముందు దిగదుడుపే.

వీడియో కింద రాసేదాంట్లో ధర ఉండాలి. "ధరకు ఇన్‌బాక్స్ చేయండి" అన్నచోట సగంమంది ఆగిపోతారని నా అనుమానం. ఎన్ని గ్రాములు, ఎన్ని అప్పడాలు, ఎంత, రాయగడలో ఇంటికి తెచ్చిస్తారా, కొరియరు ఎంత, ఫోను నంబరు. తెలుగులో ఒకసారి, ఒరియాలో ఒకసారి. ఊరి పేరు లొకేషన్‌లో పెట్టాలి. మీ ఊళ్ళోని మజ్జిగౌరమ్మ గుడికి విజయనగరం వైపునుంచి రైళ్ళలో, బస్సుల్లో ఎంతమంది వస్తారో నీకు తెలుసు. వాళ్ళు ఊళ్ళో ఉండగానే కొనుక్కుని చేత్తో పట్టుకెళ్ళగలరు, కొరియరు గొడవే లేదు. గూగుల్ మ్యాప్స్‌లో దుకాణం నమోదు చేసుకోవడం కూడా ఉచితమే. దుకాణాన్నీ బోర్డునీ చూపిస్తూ వీడియో తీసి పంపమని గూగుల్ వాళ్ళు అడగొచ్చు, పంపితే సరి. పాకెట్ మీద చేసిన తేదీ, తూకం, ఏమేం వేశారో, ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు కనబడేలా ఒక ఫోటో పెట్టండి. తినే వస్తువు ముక్కూ మొహం తెలియనివాళ్ళ దగ్గర కొనేవాడు వెతికేది అదే.

ఒక రీల్ ఎందుకు లక్షలమందికి వెళ్ళింది, దాని పక్కదే ఎందుకు వెళ్ళలేదు అని ఆ యంత్రాన్ని కట్టిన ఇంజనీర్లని అడిగినా ఒక్క ముక్కలో చెప్పలేరు. లెక్కలేనన్ని చిన్నచిన్న ఆనవాళ్ళని కలిపి ఆ క్షణానికి ఆ మనిషికి అంచనా కడుతుందది. ఇంతమంది మనుషులకి, ఒక్కొక్కరికి ఒక్కో వరస, రెప్పపాటులో! నాకైతే ఇప్పటికీ విడ్డూరంగానే ఉంటుంది. దాన్ని పూర్తిగా విప్పి చెప్పడం నావల్ల కాదు, వదిలేస్తున్నాను.

కొన్నవాళ్ళని మళ్ళీ పలకరించడం మాత్రం మన చేతిలో పని. అందుకు వాట్సాప్ బిజినెస్ అనే యాప్ వేరే ఉంది, 2018లో వచ్చింది, ఉచితం. క్యాటలాగులో 500 వస్తువులదాకా ఫోటో, ధరతో పెట్టవచ్చు. లేబుళ్ళు ఉంటాయి: కొత్త ఆర్డరు, డబ్బు రావాలి, డబ్బు వచ్చింది. అమ్మ వంటింట్లో ఉన్నప్పుడు తనంతట తనే వెళ్ళే జవాబు రాసిపెట్టుకోవచ్చు. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందిదాకా చేర్చి ఒకేసారి కబురు పంపవచ్చు. ఇక్కడ చాలామంది దెబ్బతినే చోటు ఒకటుంది. అమ్మ నంబరు ఎవరి ఫోనులో సేవ్ అయి ఉందో వాళ్ళకే ఆ కబురు అందుతుంది. అందుకని డబ్బు అందిందని చెప్పేటప్పుడే "ఈ నంబరు సేవ్ చేసుకోండి, ఊరగాయల కాలంలో చెబుతాను" అని అడగాలి. గ్రూపు పెట్టి కొన్నవాళ్ళందరినీ అందులో పడెయ్యకండి. ఒకరి నంబరు ఇంకొకరికి తెలిసిపోతుంది, అది వాళ్ళు మనకి నమ్మి ఇచ్చినది.

ఆడవాళ్ళ చేతి సంపాదన మీదే మోసగాళ్ళ కన్ను. డబ్బు పంపినట్టు స్క్రీన్‌షాట్ చూపిస్తారు. బొమ్మని ఎవరైనా చెయ్యగలరు, బ్యాంకులో పడిందో లేదో చూశాకే పాకెట్ కట్టాలి. "మిలిటరీ క్యాంపుకి 50 కిలోలు కావాలి, అడ్వాన్సు పంపిస్తాం, ఈ క్యూఆర్ స్కాన్ చెయ్యండి" అని ఫోను వస్తుంది. యూపీఐలో డబ్బు తీసుకోవడానికి పిన్ కొట్టక్కర్లేదు. పిన్ అడిగిందంటే డబ్బు మన దగ్గర్నుంచి పోతోందని. పోతే క్షణం ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చెయ్యాలి. ఇది నువ్వే అమ్మకి రెండుసార్లు చెప్పు.

మా బరంపురంలో పట్టు నేసేవాళ్ళకీ ఇదే కథ ఇంకో తీరుగా నడుస్తోంది. బరంపురం పట్టు ఫోడా కుంభ చీరకీ, మగవాళ్ళు కట్టే జోడుకీ భౌగోళిక గుర్తింపు వచ్చింది. మగ్గం మీద కుంభం అంచు లేస్తున్న వీడియో పెడితే బెంగళూరులో కొనేవాళ్ళు దళారీ లేకుండా నేరుగా మాట్లాడవచ్చు. చీర మొత్తం పరిచి ఫోటో పెడితే మాత్రం ఎక్కడో మరమగ్గం మీద దానికి నకలు లేచిపోవచ్చు. అంచు మటుకు దగ్గర్నుంచి చూపించి, అడిగినవాళ్ళకే పూర్తి ఫోటో పంపడం మంచిది.

మీ పెద్దక్క ఉద్యోగం వెతుక్కుంటోందన్నావు. లింక్డ్‌ఇన్ అనే ఉద్యోగ పరిచయాల సైటు 2003నుంచీ ఉంది, అక్కడ కూడా వడ్డించేవాడు ఉంటాడు కానీ ఉద్యోగం ఇచ్చేవాడు తనే వెతుక్కుంటూ వస్తాడు. "కష్టపడే మనస్తత్వం" అని రాస్తే ఎవరూ వెతకరు. "ఒక కిరాణా కొట్టుకి ఏడాదిపాటు ట్యాలీ సాఫ్ట్‌వేర్‌లో లెక్కలు రాశాను, జీఎస్టీ రిటర్నులు వేశాను" అంటే వెతికేవాడికి దొరుకుతుంది. చేసిన పని, వాడిన సాధనం, ఎంతకాలం, అంతే రాయమను. వీడియోలకి లైకు కొడితే రోజుకి ఇంత ఇస్తామని టెలిగ్రామ్‌లో వచ్చేవాళ్ళని పొమ్మనమను. మొదట్లో వందా రెండొందలూ ఇస్తారు, తర్వాత పెద్ద మొత్తం డిపాజిట్ అడుగుతారు, అది తిరిగి రాదు. రిజిస్ట్రేషన్ ఫీజు అడిగేవాడి దగ్గర ఉద్యోగం ఉండదు.

నీకొక మాట. పేరున్నవాళ్ళు ఫలానా నూనె వాడండని రీల్ పెడితే, డబ్బు తీసుకుని చెబుతున్నామని స్పష్టంగా రాయాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ నియమం ఉంది. తప్పుదోవ పట్టిస్తే మొదటిసారికి 10 లక్షలదాకా జరిమానా. ఆ మాట కనబడిందా లేదా అని వెతకడం అలవాటు చేసుకో. ఇంకొకటి, 13 ఏళ్ళు నిండనిదే ఇన్‌స్టాగ్రామ్‌లో అకౌంటు తెరవకూడదు. నీకు ఇంకా నిండలేదు, అకౌంటు అమ్మదే, నువ్వు పక్కన కూర్చుని చెప్పేదానివి.

ఆదివారం అమ్మకి తీరికైనప్పుడు ఇద్దరూ కూర్చోండి. ముందు సెట్టింగ్స్‌లో అకౌంటుని ప్రొఫెషనల్‌గా మార్చండి, డబ్బేమీ అడగదు. ఆ తర్వాత ఇంకో రీల్ పెట్టి, నాలుగు రోజులాగి దానికింద ఇన్‌సైట్స్ నొక్కు. చేరినవాళ్ళలో ఫాలోవర్లు ఎంతమంది, కొత్తవాళ్ళు ఎంతమంది, ఎంతమంది ఇంకొకరికి పంపారు అన్నవి కనిపిస్తాయి. ఒక గీత కూడా ఉంటుంది, ఏ సెకను దగ్గర జనం లేచిపోయారో చూపించేది. ఆ గీత ఎక్కడ జారిందో అక్కడ వీడియో ఆపి, తెరమీద ఆ క్షణాన ఏముందో చూడు. నోటుబుక్కులో నాలుగు గళ్ళు గీసి రీచ్, అడిగినవాళ్ళు, కొన్నవాళ్ళు, మళ్ళీ కొన్నవాళ్ళు అని రాసుకో. కొన్న ప్రతి ఒక్కరినీ "మా సంగతి ఎలా తెలిసింది?" అని అడిగి ఆ జవాబు కూడా పక్కన రాయి. నాలుగో గడి నిండడానికి నెలలు పడుతుంది, ఖాళీగా ఉంచెయ్యి. గీత ఎన్నో సెకను దగ్గర జారిందో మాత్రం నాకు వెంటనే రాసి పంపు.

ఇట్లు,
మీ తాతయ్య