డ్రమ్స్ నేర్పడం, నొటేషన్ (గుర్తుల్లో రాసిన సంగీతం) చదివించడం: అపోహలు – వాస్తవాలు

కొత్తగా స్టిక్స్ పట్టినవాళ్ళు, వాళ్ళని చేర్పించిన పెద్దవాళ్ళు, అప్పుడప్పుడు నేర్పేవాళ్ళు కూడా నమ్మే కొన్ని మాటలు ఇవి. క్లాసులో మామూలుగా ఏ వరుసలో ఎదురవుతాయో ఆ వరుసలోనే ఇక్కడ ఉన్నాయి.

అపోహ: డ్రమ్స్ నేర్చుకోవాలంటే ముందు కిట్ (డ్రమ్ములు, సింబల్స్ అనే లోహపు పళ్ళేలు కలిపిన సెట్టు) కొనాలి.

వాస్తవం: మొదటి రెండు మూడు నెలలకు ఒక ప్రాక్టీస్ ప్యాడ్, ఒక జత స్టిక్స్, మెట్రోనోమ్ (సమాన వ్యవధిలో క్లిక్‌మనే పరికరం), కాగితం కంటి ఎత్తులో నిలబెట్టే స్టాండ్ చాలు. ప్యాడ్ ఎందుకంటే దాని రబ్బరు దెబ్బను తిరిగి పైకి తోస్తుంది. చెయ్యి నేర్చుకోవలసింది ఆ తిరిగొచ్చే స్టిక్‌ని వాడుకోవడమే. దిండు మీద కొడితే స్టిక్ తిరిగి రాదు, ప్రతిసారీ మణికట్టుతో లేపాల్సి వస్తుంది. పట్టు కుదిరినవాళ్ళకు అదొక వ్యాయామం. పట్టు ఇంకా కుదరనివాళ్ళు దిండు మీద నేర్చుకునేది బిగింపు ఒక్కటే.

స్టిక్స్‌లో 5ఏ అనే సైజు మంచి ఆరంభం. పొడవు సుమారు 16 అంగుళాలు, మందం 14 మిల్లీమీటర్ల పైచిలుకు. చిన్న చేతులకు 7ఏ ఇంకా సన్నగా ఉంటుంది. సాధారణంగా అంకె పెరిగేకొద్దీ స్టిక్ సన్నబడుతుంది, అయితే కంపెనీని బట్టి కొలతలు కాస్త మారతాయి. కొనేముందు బల్ల మీద దొర్లించి చూడండి. వంకర ఉంటే ఎగిరెగిరి పడుతుంది. తర్వాత ఒక్కో స్టిక్‌తో అదే బల్లని తట్టండి. ఒకటి బొంగురుగా, ఒకటి పలచగా మోగితే ఆ జత బరువులు సమానంగా లేవని అర్థం. అలాంటి జతతో రెండు చేతుల దెబ్బలూ ఒకేలా వినిపించవు, విద్యార్థి ఆ తప్పు తన చేతిదే అనుకుంటాడు.

అపోహ: గట్టిగా మోగాలంటే గట్టిగా పట్టుకోవాలి.

వాస్తవం: శబ్దాన్ని పెంచేది స్టిక్ ఎంత ఎత్తునుంచి, ఎంత వేగంగా దిగుతుందన్నది. పట్టు బిగిస్తే ఆ వేగమే తగ్గుతుంది. వెనక కొన నుంచి దాదాపు మూడో వంతు దగ్గర బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య స్టిక్‌ని నిలపాలి. మిగతా మూడు వేళ్ళు స్టిక్‌ని ఆనుకుని ఉండాలి, నొక్కకూడదు. పట్టు సరిగా ఉందో లేదో చూడటం తేలిక. స్టిక్‌ని కాస్త ఎత్తు నుంచి ప్యాడ్ మీదకు వదిలేసి, దాన్ని ఆపకుండా ఎన్నిసార్లు ఎగురుతుందో వినండి. టకటకమని సన్నబడుతూ సాగితే పట్టు సరిగా ఉంది. రెండు మూడు ఎగురులకే చచ్చిపోతే వేళ్ళు నొక్కుతున్నాయి.

అందరిలో కనిపించే పొరపాటు చూపుడువేలిని స్టిక్ పైభాగాన చాచి పెట్టడం. దాంతో స్టిక్ ఎగిరే దారి మూసుకుపోతుంది. రెండో పొరపాటు, గట్టిగా వాయించమనగానే భుజం లేపడం. అందుకే మొదటి నుంచీ ఎత్తులు నేర్పాలి: మెల్లని దెబ్బకు ప్యాడ్ నుంచి రెండంగుళాలు, పూర్తి దెబ్బకు పది పన్నెండు అంగుళాలు. ముంజేయి నొప్పెడితే ఆపేయాలి. నొప్పిని ఓర్చుకుని కొడితే బలం రాదు, బిగింపే అలవాటవుతుంది.

అపోహ: స్టూలు ఎలా ఉన్నా పరవాలేదు.

వాస్తవం: కిట్ అమర్చడం స్టూలుతోనే మొదలవుతుంది. తుంటి మోకాళ్ళకంటే కొంచెం ఎత్తులో ఉండాలి, తొడలు ముందుకు కాస్త వాలాలి. తర్వాత పాదాలు సహజంగా ఎక్కడ ఆనితే అక్కడికి పెడల్స్, కాళ్ళ మధ్యకు స్నేర్ (అడుగున తీగలుండే చిన్న డ్రమ్), ఆపైన మిగతావి. స్నేర్ అంచు తొడకంటే రెండు మూడు అంగుళాలు పైనుండాలి. లేకపోతే స్టిక్ అంచుకో తొడకో తగులుతుంది. హైహ్యాట్ (ఎడమకాలితో మూసే జంట సింబల్స్) స్నేర్ కంటే ఆరేడు అంగుళాలు ఎత్తులో లేకపోతే కుడిచేతి కింద ఎడమ స్టిక్‌కి చోటు చాలదు, రెండూ కొట్టుకుంటాయి. కిట్ ఎక్కడుంటే అక్కడికి ఒంటిని వంచే పద్ధతి వెన్నునొప్పికి దారి.

అపోహ: వేగం వస్తే డ్రమ్మర్ అయినట్టే. మెల్లగా వాయించడం చిన్నపిల్లల పని.

వాస్తవం: మెల్లగా వాయించడమే కష్టం. మెట్రోనోమ్ 120లో (నిమిషానికి 120 క్లిక్‌లు) రెండు క్లిక్‌ల మధ్య అర సెకను, 60లో ఒక సెకను. ఆ సెకనంతా ఏమీ లేని ఖాళీలో చెయ్యి ఆగలేక ముందే పడిపోతుంది. మందు ఏమిటంటే ఆ ఖాళీని నోటితో నింపడం. ఒక్కో క్లిక్‌కి "తకధిమి" అనుకుంటూ "త" మీద మాత్రమే కొట్టాలి. మూడు భాగాలైతే "తకిట". "వన్ ఈ అండ్ అ" అని లెక్కపెట్టినా అదే పని జరుగుతుంది. ఏదైనా సరే, పైకి వినపడేలా పలకాలి. మనసులో లెక్కపెడుతున్నామనేవాళ్ళలో చాలామంది కష్టమైన చోటుకి రాగానే లెక్క ఆపేస్తారు. లెక్క అక్కడే కావాలి మరి.

మెట్రోనోమ్‌తో దెబ్బ సరిగ్గా కలిస్తే క్లిక్ దెబ్బలో కలిసిపోయి దాదాపు వినపడదు. విడిగా వినిపిస్తోందంటే ముందో వెనకో పడుతున్నారు. ఆ తేడా వాయిస్తుండగా తెలియకపోతే ఫోన్‌లో రికార్డు చేసి వినండి. మూడుసార్లు తప్పు లేకుండా వచ్చాకే నాలుగైదు బీపీఎంలు (నిమిషానికి బీట్లు) పెంచాలి. వేగం పెంచడానికి బదులు క్లిక్‌ని తగ్గించడం ఇంకా మంచి పరీక్ష: మొదట ప్రతి బీటుకీ (లెక్కకీ), తర్వాత బార్‌లో (ఇక్కడ నాలుగు బీట్ల చుట్టులో) 2, 4 మీద మాత్రమే, ఆ తర్వాత బార్‌కి ఒక్కటే. విద్యార్థిలో కాలం నిలిచిందో, క్లిక్‌ని ఊతంగా పట్టుకుని నడుస్తున్నాడో ఇక్కడ బయటపడుతుంది.

టెంపో (వేగం) జారిపోయే చోట్లు దాదాపు అందరికీ ఒకటే: ఫిల్‌లో, అంటే బీట్‌కి మధ్య వాయించే చిన్న అలంకార ముక్కలో, ఫిల్ అయ్యాక క్రాష్ సింబల్ కొట్టిన వెంటనే, హైహ్యాట్ నుంచి రైడ్ సింబల్‌కి మారేటప్పుడు. ఫ్లోర్ టామ్ (నేలమీద నిలబడే పెద్ద డ్రమ్) దూరం కాబట్టి అందదేమోనని చెయ్యి ముందే బయల్దేరుతుంది. మూడు బార్లు బీట్ (తిరిగి తిరిగి వచ్చే వరస), ఒక బార్ ఫిల్, ఆ ఫిల్‌లోనూ అవే ఎయిత్ నోట్లు (లెక్కకి రెండు దెబ్బలు) పెట్టి సాధన చేయిస్తే అది తగ్గుతుంది. ఫిల్‌లో సిక్స్‌టీన్త్‌లు (లెక్కకి నాలుగు) ఆ తర్వాతే.

అపోహ: రెండు చేతులూ రెండు కాళ్ళూ దేనికదే విడివిడిగా ఆలోచించాలి.

వాస్తవం: ఏ మెదడూ అలా పని చేయదు. డ్రమ్మర్ పట్టుకునేది నాలుగు వరుసల్ని కాదు, ఏ క్షణంలో ఏవి కలిసి పడతాయన్నదాన్ని. మామూలు రాక్ బీట్ తీసుకోండి. బార్‌లో ఎనిమిది ఎయిత్ నోట్లు, అంటే ఎనిమిది గళ్ళు. ఒకటి, అయిదు గళ్ళలో హైహ్యాట్‌తో కిక్ (కుడికాలి పెడల్‌తో మోగే పెద్ద డ్రమ్). మూడు, ఏడు గళ్ళలో హైహ్యాట్‌తో స్నేర్. మిగతా నాలుగింట్లో హైహ్యాట్ ఒక్కటే. అంటే జరిగేవి మూడు రకాల పనులే. ఈ లెక్కన కాగితం మీద గళ్ళు గీసి, గడి గడికీ ఆగి, "రెండూ", "ఒకటి", "రెండూ" అంటూ వాయిస్తే చాలామందికి ఒక్క క్లాసులోనే వరస అందుతుంది.

అసలు చిక్కు తర్వాత వస్తుంది. గళ్ళని "1 అండ్ 2 అండ్ 3 అండ్ 4 అండ్" అని లెక్కపెడుతూ కిక్‌ని "3 అండ్" మీదకు, అంటే ఆరో గడిలోకి చేర్చగానే కుడిచెయ్యి తడబడుతుంది. ఒక దెబ్బ మింగేస్తుంది, లేదా కాలితోపాటు రెండు కొడుతుంది. అప్పటిదాకా కాలు అంకెల మీదే పడింది, ఇప్పుడు అంకెల మధ్యకు జరిగింది. బీట్ మొత్తాన్ని మళ్ళీ మళ్ళీ వాయిస్తే ఆ తప్పు ముదురుతుందే తప్ప పోదు. అయిదు, ఆరు, ఏడు గళ్ళు మాత్రమే కోసి తీసుకోండి. మూడు దెబ్బలు వాయించి ఆపండి. నాలుగైదుసార్లు బాగా వచ్చాక ముందు ఒక గడి, వెనక ఒక గడి కలపండి.

కలిసి పడాల్సిన రెండు దెబ్బలు ఒక్క శబ్దంలా వినిపించాలి. "టక్"కి బదులు "టడక్" అని వస్తే కిక్ ఆలస్యమవుతోంది. సాధారణంగా కారణం పాదం మొత్తాన్ని పెడల్ మీంచి గాల్లోకి లేపడం. మడమ లేచినా వేళ్ళ భాగం పెడల్‌ని వదలకూడదు. ఇంకొకటి, కిక్ మీద ధ్యాస పెట్టగానే ఎడమకాలు సడలి హైహ్యాట్ నోరు తెరుస్తుంది. బీట్ మధ్యలో "సుయ్" మని వినిపిస్తే చూడాల్సింది చేతుల్ని కాదు, ఎడమ పాదాన్ని.

అపోహ: డ్రమ్మర్‌కి నొటేషన్ అక్కర్లేదు. గొప్పవాళ్ళు చాలామంది చదవలేదు.

వాస్తవం: అమెరికా జాజ్ డ్రమ్మర్ బడ్డీ రిచ్ నొటేషన్ చదివేవారు కాదన్నది నిజమే. విని గుర్తుపెట్టుకునే ఆయన శక్తి అసాధారణం, దాన్ని మామూలు విద్యార్థికి కొలబద్దగా పెట్టడం అన్యాయం. పైగా డ్రమ్స్ నొటేషన్ ఇతర వాయిద్యాలదాని కంటే తేలిక. ఇందులో గీతల మీది చోటు స్వరాన్ని చెప్పదు, ఏ డ్రమ్మో చెబుతుంది. వరుస మొదట్లో ఏ గీత ఏ స్వరమో చెప్పే క్లెఫ్ గుర్తుకి బదులు రెండు మందపాటి నిలువు గీతలుంటాయి. అయిదు గీతల మధ్య నాలుగు ఖాళీలు. ఎక్కువ పుస్తకాల్లో అట్టడుగు ఖాళీలో కిక్, దాని పైన ఫ్లోర్ టామ్, మూడో ఖాళీలో స్నేర్, పై ఖాళీలో చిన్న టామ్. సింబల్స్‌కి గుండ్రటి తలకు బదులు ఇంటూ గుర్తు: పై గీత మీద రైడ్, దాని పైన హైహ్యాట్, అంతకన్నా పైన క్రాష్. అడుగు గీత కింద ఇంటూ గుర్తుంటే ఎడమకాలితో మూసే హైహ్యాట్. ఇది అందరూ ఒప్పుకున్న ఏకైక పద్ధతి కాదు, అందుకే ఏ పుస్తకం తెరిచినా ముందు గుర్తుల పట్టిక చూడాలి.

కొత్తవాళ్ళని తికమకపెట్టేది నోట్ నిడివి. స్నేర్‌ని కొడితే ఆ శబ్దం వెంటనే ఆరిపోతుంది. కాబట్టి స్నేర్ మీద ఒక క్వార్టర్ నోట్ (ఒక బీట్ నిడివి) వాయించినా, ఒక ఎయిత్ నోట్ కొట్టి ఎయిత్ రెస్ట్ (అర బీట్ మౌనం) ఉంచినా వినిపించేది ఒకటే. నోట్ ఆకారం చెప్పేది శబ్దం ఎంతసేపుండాలని కాదు, తర్వాతి దెబ్బ ఎంత దూరంలో ఉందని. ఈ ఒక్క విషయం మొదట్లోనే చెబితే రెస్టులంటే భయం సగం పోతుంది.

చదవడాన్ని అక్షరం అక్షరంగా కాక బీట్ ఆకారాలుగా నేర్పాలి. ఒక బీట్‌ని నాలుగు సిక్స్‌టీన్త్‌లుగా విడగొడితే, ఒక్కో చోట దెబ్బ ఉండొచ్చు, లేకపోవచ్చు. మొత్తం 16 రకాలు, పూర్తి నిశ్శబ్దంతో కలిపి. ఎయిత్‌లకైతే నాలుగే, ట్రిప్లెట్‌కి (బీట్‌కి మూడు దెబ్బలు) ఎనిమిది. ప్రారంభ దశలో ఎదురయ్యే పేజీలు దాదాపు అన్నీ ఈ ఆకారాల కలయికే. మొదటి వారం క్వార్టర్ నోట్, క్వార్టర్ రెస్ట్ మాత్రమే. తర్వాత ఎయిత్‌ల నాలుగు ఆకారాలు. అవి చూడగానే నోట పలికేదాకా సిక్స్‌టీన్త్‌ల జోలికి పోవద్దు. ప్రతి వరుసనీ ముందు చప్పట్లతో, తర్వాత ప్యాడ్ మీద, చివర్లో కిట్ మీద. స్టిక్ పట్టిన మొదటి వారంలోనే ఇది మొదలవ్వాలి. ఏడాది వాయించాక మొదలుపెడితే చెయ్యి ఎంతో ముందుంటుంది, కన్ను నోట్లు కూడబలుక్కుంటూ వెనకబడుతుంది. ఆ విసుగుకి చాలామంది చదవడమే మానేస్తారు.

ఇక తప్పులు. తప్పు పడగానే ఆగి దిద్దుకునే అలవాటు అన్నిటికన్నా చెడ్డది. తప్పు పడినా పర్వాలేదు, తర్వాతి "1" అందుకోవాలి. రెండోది, ఒకే వరుసని రెండుసార్లు వాయించేసరికి అది కంఠస్థమై విద్యార్థి చదవడం మానేస్తాడు. అప్పుడు చివరి బార్ నుంచి వెనక్కి చదివించండి. మూడోది, చూపు వాయిస్తున్న నోట్ మీదే ఉండిపోవడం. వాయిస్తున్న బీట్‌ని ఒక అట్టముక్కతో మూస్తూ పోతే చూపు తనంతట తనే ముందుకు జరుగుతుంది. వాలు గీతకు అటూ ఇటూ చుక్కలున్న గుర్తు ముందరి బార్‌నే మళ్ళీ వాయించమంటుంది. అలాంటివి ఏడెనిమిది వరసగా ఉంటే లెక్క తప్పుతుంది. "1 2 3 4, 2 2 3 4, 3 2 3 4" అని బార్ సంఖ్యతో మొదలుపెట్టి లెక్కపెట్టాలి.

నొటేషన్ చూసి వాయిస్తే ఫీల్ పోతుందనే మాటొకటి ఉంది. పోయేది సగం సగం చదివేవాళ్ళకే.

అపోహ: 40 రూడిమెంట్లూ (స్టిక్స్‌తో వాయించే ప్రాథమిక దెబ్బల వరసలు) వస్తేగానీ కిట్ ఎక్కకూడదు.

వాస్తవం: 1933లో మొదలైన అమెరికా రూడిమెంటల్ డ్రమ్మర్ల సంఘం జాబితాలో 26 ఉండేవి. పర్కసివ్ ఆర్ట్స్ సొసైటీ 1984లో దాన్ని 40కి పెంచింది. ఆ జాబితా సిలబస్ కాదు. మొదటి ఏడాదికి సింగిల్ స్ట్రోక్ (చేతికి ఒక్కో దెబ్బ), డబుల్ స్ట్రోక్ (చేతికి రెండేసి), సింగిల్ పారడిడిల్ (కుడి ఎడమ కుడి కుడి, ఎడమ కుడి ఎడమ ఎడమ), ఫ్లామ్ (అసలు దెబ్బకు కాస్త ముందు ఒక చిన్న దెబ్బ) చాలు. వాటినే కిట్ మీద చేతులు మార్చి పంచితే బోలెడు పని దొరుకుతుంది.

అపోహ: ఎడమచేతి వాటమైతే కిట్ తిరగేయాల్సిందే.

వాస్తవం: తిరగేయొచ్చు, అవసరమేం లేదు. బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్ ఎడమచేతి వాటంవారే, వాయించింది కుడిచేతివాళ్ళ అమరిక మీదే. రెండు అమరికల్లోనూ కొన్ని క్లాసులు ప్రయత్నించి ఒకటి తేల్చుకోండి. తర్వాత మార్చొద్దు.

అపోహ: పెద్ద శబ్దానికి చెవులు అలవాటుపడతాయి.

వాస్తవం: అలవాటు కాదు, వినికిడి తగ్గుతుంది, తిరిగి రాదు. అమెరికాలో వృత్తి భద్రతను పరిశోధించే నియోష్ సంస్థ సిఫారసు: 85 డెసిబెల్స్ దగ్గర రోజుకు 8 గంటలకు మించకూడదు. ప్రతి 3 డెసిబెల్స్ పెరిగితే ఆ సమయం సగమవుతుంది, 100 దగ్గర 15 నిమిషాలే. మూసిన గదిలో అకూస్టిక్ కిట్ ఆ స్థాయిని తేలిగ్గా దాటుతుంది. ఎలక్ట్రానిక్ కిట్ అయినా హెడ్‌ఫోన్స్ శబ్దం పెంచితే అదే ప్రమాదం. పైగా దాని కిక్ పెడల్ అదురు నేలగుండా కింది అంతస్తుకి వినిపిస్తుంది కాబట్టి దాన్ని పూర్తి నిశ్శబ్ద వాయిద్యం అనుకోకండి. చెవిలో దూది పెట్టుకుంటే ఉపయోగం లేదు. సంగీతకారుల ఇయర్‌ప్లగ్స్ అన్ని శబ్దాలనీ దాదాపు సమానంగా తగ్గిస్తాయి కాబట్టి సింబల్స్ మొద్దుబారవు. నురుగు ప్లగ్ వాడితే సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి, వెనక్కి లాగి లోపల పెట్టి, అది ఉబ్బేదాకా అరనిమిషం వేలితో ఆపి ఉంచాలి. బయటికి పొడుచుకొచ్చి కనిపిస్తోందంటే సరిగా పెట్టలేదు. తీసి మళ్ళీ పెట్టండి.