అయస్కాంత క్షేత్ర సెన్సర్లు: అపోహలు - వాస్తవాలు

అపోహ: కొత్త సెన్సర్లు వచ్చాక హాల్ సెన్సర్‌కు కాలం చెల్లింది.

వాస్తవం: కరెంటు పారే పలుచని పలకకు లంబంగా అయస్కాంత క్షేత్రం ఉంటే, పలకకు అడ్డంగా చిన్న వోల్టేజీ పుడుతుంది. ఎడ్విన్ హాల్ 1879లో బంగారు రేకు మీద గుర్తించిన ఈ ప్రభావమే నేటికీ కోట్లాది చిప్‌లలో పనిచేస్తోంది. సిలికాన్ పలకలోని స్వల్ప అసమానతల వల్ల క్షేత్రం లేనప్పుడు కూడా కొంత వోల్టేజీ కనిపిస్తుంది. దీన్నే ఆఫ్‌సెట్ అంటాం. పలకలో కరెంటు దిశను వరుసగా మారుస్తూ కొలిచి, ఆ కొలతలను కలిపితే ఈ దోషం చాలావరకు రద్దవుతుంది. నా దృష్టిలో ఈ రంగంలో జరిగిన అతి విలువైన పురోగతుల్లో ఇదొకటి, అయినా దీని గురించి మాట్లాడేవారు తక్కువ.

అపోహ: సెన్సర్ ఎంత సున్నితమైతే అంత మేలు.

వాస్తవం: మా పనిలో ఎక్కువ నష్టం చేసే నమ్మకం ఇదే. 1988లో వెలుగుచూసి, ఆల్బర్ట్ ఫెర్ట్, పీటర్ గ్రూన్‌బెర్గ్‌లకు 2007లో భౌతికశాస్త్ర నోబెల్ తెచ్చిన జీఎంఆర్ ప్రభావం (పలుచని అయస్కాంత పొరల విద్యుత్ నిరోధం క్షేత్రాన్ని బట్టి బాగా మారడం), ఆ తర్వాత గది ఉష్ణోగ్రత వద్ద సాధ్యమైన టీఎంఆర్ సెన్సర్లు (అయస్కాంత పొరల మధ్య ఉన్న అతి పలుచని బంధక పొర గుండా కరెంటు పంపేవి), హాల్ సెన్సర్ కంటే ఎన్నో రెట్లు పెద్ద సిగ్నల్ ఇస్తాయన్నది నిజమే. అయితే వాటిలోని పలుచని అయస్కాంత పొర ఒక హద్దు దాటాక సంతృప్తం అవుతుంది. అక్కడి నుంచి క్షేత్రం ఎంత పెరిగినా సిగ్నల్ దాదాపుగా మారదు. హాల్ పలకకు ఆ ఇబ్బంది లేదు కనుక బలమైన క్షేత్రాలను కొలవడానికి అదే తగినది. పైగా పెద్ద సిగ్నల్ ఉన్నంత మాత్రాన కొలత మెరుగవదు: టీఎంఆర్‌లో తక్కువ ఫ్రీక్వెన్సీల వద్ద నాయిజ్ (సిగ్నల్‌లో కలిసే అనవసర హెచ్చుతగ్గులు) కూడా పెరుగుతుంది కాబట్టి, నెమ్మదిగా మారే క్షేత్రాన్ని కొలిచేటప్పుడు ఆ ఆధిక్యంలో కొంత భాగం కరిగిపోతుంది. డేటాషీట్‌లో సున్నితత్వం ఒక్కటే చూసి సెన్సర్‌ను ఎంచుకోకండి. కొలవగల పరిధిని, నాయిజ్‌ను, ఉష్ణోగ్రతతో వచ్చే మార్పును కూడా చూడండి.

అపోహ: ఫోన్ దిక్సూచి తప్పు చూపితే సెన్సర్ చెడిపోయినట్టే.

వాస్తవం: భూక్షేత్రం 25 నుంచి 65 మైక్రోటెస్లాలే కనుక ఫోన్ స్పీకర్‌లోని అయస్కాంతం కూడా దాన్ని కప్పేయగలదు. ఫోన్‌ను గాలిలో ఎనిమిది అంకెలా తిప్పితే సాఫ్ట్‌వేర్ ఆ అదనపు క్షేత్రాన్ని అంచనా వేసి తీసివేస్తుంది.

అపోహ: మెదడు క్షేత్రాలను కొలవాలంటే ద్రవ హీలియం తప్పనిసరి.

వాస్తవం: ఆ క్షేత్రాలు వందల ఫెమ్టోటెస్లాల స్థాయివి, అంటే భూక్షేత్రం కంటే కోట్ల రెట్లు బలహీనమైనవి. చాలాకాలం వాటిని ద్రవ హీలియంలో ఉంచిన స్క్విడ్‌లే (సూపర్‌కండక్టర్‌తో చేసిన సెన్సర్లు) కొలిచాయి. ఇప్పుడు వేడిచేసిన రుబీడియం వంటి ఆవిరి గుండా లేజర్ కాంతిని పంపి కొలిచే సెన్సర్లు వచ్చాయి. వాటిని తలకు దగ్గరగా, హెల్మెట్‌లోనే అమర్చవచ్చు. అయితే వాటిలో అత్యంత సున్నితమైనవి దాదాపు సున్నా క్షేత్రంలో మాత్రమే పనిచేస్తాయి కనుక, అయస్కాంత కవచం ఉన్న గది, మిగిలిన క్షేత్రాన్ని రద్దుచేసే కాయిల్స్ ఇప్పటికీ తప్పవు.