ఎడమకాలు కుడికాలికి అప్పివ్వదు

“ముందురోజు రాత్రి కడుపునిండా అన్నం తిన్నాను, దారిలో నీళ్లూ తాగాను. అయినా 28వ కిలోమీటరు దగ్గర కాళ్లు మొరాయించాయేం?” 42 కిలోమీటర్ల మారథాన్ పరిగెత్తేవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు అడిగే ప్రశ్నే ఇది. జవాబు కావాలంటే 1966లో స్వీడన్‌లో ఇద్దరు పరిశోధకులు చేసిన పని చూడాలి.

బెర్గ్‌స్ట్రోమ్, హల్ట్‌మన్ తమ మీదే ప్రయోగం చేసుకున్నారు. ఒకే వ్యాయామ సైకిలుకు చెరోవైపూ చేరి, ఒక్కొక్కరు ఒక్క కాలితోనే ఓపిక అయిపోయేదాకా తొక్కారు. రెండో కాలికి పూర్తి విశ్రాంతి. తర్వాత మూడు రోజులు పిండిపదార్థాలే ఎక్కువగా తిన్నారు. తొడల్లో సూది దించి కండ ముక్కలు తీసి చూస్తే, తొక్కిన కాలిలో గ్లైకోజెన్ (ఒంట్లో దాచిపెట్టుకున్న గ్లూకోజు నిల్వ) రెండో కాలికంటే దాదాపు రెట్టింపు పేరుకుంది. ఊరికే ఉన్న కాలిలో పెద్దగా మార్పే లేదు. ఒకే మనిషి, ఒకే రక్తం, ఒకే తిండి!

బడి పాఠంలో గ్లైకోజెన్‌ది ఒక్క వాక్యం: “కాలేయంలోనూ కండరాల్లోనూ నిల్వ ఉండును.” ఒక మార్కు. అసలు సంగతంతా ఆ ‘లోనూ’ల మధ్య తేడాలో ఉంది.

కాలేయం ఊరుమ్మడి గాదె. తలుపు తెరిస్తే గింజలు రక్తమనే వీధిలోకి వస్తాయి, ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకోవచ్చు. కండ మాత్రం ఇంటిలోపలి గాదె. గ్లైకోజెన్ నుంచి విడిన గ్లూకోజుకు ఫాస్ఫేట్ తగులుకుని, అది గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ అవుతుంది. ఫాస్ఫేట్‌కు విద్యుదావేశం ఉంది కాబట్టి ఆ రూపంలో కణం పొర దాటలేదు. దాన్ని ఊడబెరికే గ్లూకోజ్-6-ఫాస్ఫటేజ్ అనే ఎంజైము కాలేయంలో ఉంది, కండలో లేదు. కాబట్టి కండలో చేరిన గింజ ఆ ఇంట్లోనే వండాలి, ఆ ఇంట్లోనే తినాలి. ఒక్క దొడ్డిదారి ఉంది: గింజను లాక్టేట్‌గా విరిచి బయటికి పంపితే కాలేయం మళ్లీ గ్లూకోజు చేస్తుంది. కోరీ దంపతుల పేరున్న చక్రం ఇదే, వాళ్లకు 1947లో నోబెల్ వచ్చింది. కాలు ఖాళీ అయ్యే వేగానికి ఈ దారి చాలదు.

కొవ్వు సంగతి? అది పాతర. బక్కపలచని పరుగువీరుడి ఒంట్లోనూ అయిదారు కిలోలుంటుంది, కిలోకు 7,700 కేలరీల చొప్పున. కానీ తవ్వి తీయడం నిదానం. పైగా లీటరు ఆక్సిజన్‌కు పిండిపదార్థం 5 కేలరీలిస్తే కొవ్వు 4.7 ఇస్తుంది. ఊపిరి అందడమే గగనమైన వేగంలో ఆ తేడా బరువే. ఖాళీ కడుపుతో పరిగెత్తితే కొవ్వు మీద నడిచే బండి అయిపోతామన్న నమ్మకం పందెం రోజున పనికిరాదు.

ఇక లెక్క. పరుగుకు కిలో బరువుకు, కిలోమీటరుకు సుమారు 1 కేలరీ ఖర్చు. 60 కిలోల మనిషికి కిలోమీటరుకు 60. పందెం వేగంలో అందులో 80 శాతం పిండిపదార్థం నుంచి అనుకుంటే 48. కాళ్ల కండ 12 కిలోలు, కిలోకు 20 గ్రాముల గ్లైకోజెన్ వేస్తే 240 గ్రాములు. నిండు కాలేయం ఇంకో 90. మొత్తం 330 గ్రాములు, 1,320 కేలరీలు. 48తో భాగించండి: ఇరవై ఏడున్నర కిలోమీటర్లు! చేతుల్లో, వీపులో ఉన్నది ఉన్నచోటే భద్రంగా ఉంటుంది, కాలికి రాదు.

అందుకే తిండి మూడు చోట్లకు మూడు రకాలు.

కాలి గాదెకు రెండు రోజుల తిండి కావాలి, ఒక్క రాత్రి భోజనం చాలదు. రోజుకు కిలో బరువుకు 10 గ్రాముల పిండిపదార్థం, అంటే 600 గ్రాములు. అంతా అన్నంగానే తినాలంటే వండినది రెండు కిలోలు దాటుతుంది, ఎవరివల్లా కాదు. 400 గ్రాముల బియ్యం, ఆరు అరటిపళ్లు, 100 గ్రాముల బెల్లం, అర లీటరు పళ్లరసం అయితే సరిపోతుంది. చారన్నం, మజ్జిగన్నం మేలు. చాలామంది బోల్తా పడేది బిర్యానీ దగ్గర: నూనె, నెయ్యితో కడుపు నిండిపోయి పిండిపదార్థం సగమే చేరుతుంది. పప్పు, ఆకుకూరలు ఆ రెండు రోజులూ తగ్గించాలి, పీచు పరుగులో పేగును కదిలిస్తుంది. గ్రాము గ్లైకోజెన్ సుమారు 3 గ్రాముల నీటిని పట్టుకుంటుంది కాబట్టి తూకంలో కిలో, కిలోన్నర పెరుగుతుంది. అది చూసి కంగారుపడి తిండి మానేసేవాళ్లున్నారు. ఇలా కిలో కండకు 30 గ్రాములు పట్టిస్తే పై లెక్క ముప్పై ఏడున్నర కిలోమీటర్లకు జరుగుతుంది.

ఉదయపు తిండి కాలేయానికి. రాత్రంతా అది మెదడును పోషించి చాలావరకు ఖాళీ అవుతుంది. మూడు గంటల ముందు 120 గ్రాములు: నాలుగు ఇడ్లీలు, రెండు అరటిపళ్లు, 30 గ్రాముల బెల్లం. పరుగు తెల్లవారుజామున 5 గంటలకైతే 2 గంటలకు లేవాలి మరి. లేవలేనివాళ్లు మూడున్నరకు సగం తినొచ్చు, నూనె తగలకూడదు.

దారిలో తినేది నేరుగా వీధిలోకి. పేగు గోడలో గ్లూకోజును లోపలికి తీసుకునే ఎస్‌జీఎల్‌టీ1 ద్వారం గంటకు 60 గ్రాములకు మించి పంపలేదు. పళ్లలో ఉండే చక్కెర ఫ్రక్టోజుకు వేరే ద్వారం ఉంది, జీఎల్‌యూటీ5. రెండూ కలిస్తే 90 దాకా వెళ్లొచ్చు. ఉత్త గ్లూకోజు పొడినే గంటకు 90 గ్రాములు తాగితే మిగిలినది పేగులో నీరు లాగుతుంది, తర్వాత పరుగు మరుగుదొడ్డి వైపే. పంచదారలో రెండూ సగం సగం. ముప్పావు లీటరు నీళ్లలో 45 గ్రాముల పంచదార, ఒకటిన్నర గ్రాముల ఉప్పు, గంటసేపు కొంచెం కొంచెంగా. 25 గ్రాముల పిండిపదార్థం ఉన్న జెల్ (పొట్లంలో వచ్చే చిక్కటి తీపి ముద్ద) అయితే అరగంటకొకటి, నీళ్లతో. జెల్ మీద చిక్కటి తీపి పానీయం తాగితే కడుపు బిగుసుకుంటుంది. ఏదైనా నెలముందు నుంచే పొడవాటి పరుగుల్లో అలవాటు చేయాలి, పేగూ సాధనతోనే తట్టుకుంటుంది.

నీళ్లు ఎక్కువైనా ముప్పే. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మందిలో 13 శాతానికి రక్తంలో సోడియం తగ్గిపోయి ఉంది. దారిలో బరువు పెరిగిన వాళ్లకే అది ఎక్కువ.

పరుగయ్యాక కొన్ని గంటలు కాలి తలుపు బార్లా తెరిచి ఉంటుంది, అప్పుడు గంటకు కిలో బరువుకు 1 గ్రాము చొప్పున నాలుగు గంటలు తినాలి. కానీ మెట్లు దిగలేనంతగా కండ దెబ్బతింటే ఎంత తిన్నా గాదె నిండటానికి రోజులు పడుతుంది.