అక్షరాలు కనబడతాయి, మెట్టు కనబడదు: నీటికాసుల పర్సంటేజీ గొడవ ఎక్కణ్నుంచి వచ్చింది?

విశాఖపట్నం: దివ్యాంగుల పింఛన్ల గొడవ మళ్లీ పైకొచ్చింది. 2025లో రాష్ట్రమంతా పింఛనుదారులకు రీవెరిఫికేషన్ పరీక్షలు జరిగాయి. ఆగస్టులో పింఛను రద్దంటూ నోటీసులు వెళ్లాయి, గోలయ్యాక అప్పీలుకి అవకాశం ఇచ్చారు. దొంగ సర్టిఫికెట్ల మీద టీవీల్లో కావలసినంత చర్చ నడిచింది. ఆ చర్చలో నాకు ఎక్కడా వినబడని మాట ఒకటుంది, నీటికాసులు. డాక్టర్లు గ్లాకోమా అనేది దీన్నే. కాలు లేని మనిషిని చూస్తే తెలుస్తుంది. చూపు పూర్తిగా పోయిన మనిషిని చూసినా తెలుస్తుంది. నీటికాసులతో చూపు చాలావరకు పోయిన మనిషి మాత్రం మెడికల్ బోర్డు ముందుకి నడిచొచ్చి, గోడమీది అక్షరాల చార్టు గడగడా చదివేసి, పింఛనుకి కావలసిన 40కి తక్కువ వైకల్యం పర్సంటేజీతో బయటికొస్తాడు. వరండాలో కూర్చున్నవాళ్లకి ఇతనే దొంగలా కనబడతాడు.

కంట్లో ప్రెషర్ ఎందుకు పెరుగుతుంది, నరం ఎలా దెబ్బతింటుంది అన్నవి పత్రికల్లో చాలాసార్లు వచ్చినవే, వదిలేస్తున్నాను. రెండు సంగతులు మాత్రం మనసులో పెట్టుకుంటే చాలు. ఈ జబ్బుతో పోయిన చూపు తిరిగి రాదు. చుక్కల మందైనా, లేజరైనా, ఆపరేషనైనా మిగిలినదాన్ని కాపాడడానికే. రెండోది, చూపు మామూలుగా చుట్టుపక్కల నుంచి తరుగుతూ వస్తుంది, నడిమధ్య చూపు చాలాకాలం నిలుస్తుంది. చార్టు చదవడానికి ఆ నడిమధ్య చూపు చాలు.

ఈ తగాదా అర్థం కావాలంటే నేనైతే పింఛను జీవోల దగ్గర మొదలుపెట్టను, 2006 దగ్గర మొదలుపెడతాను. 1996 నుంచి 2000 వరకు ఎల్వీ ప్రసాద్ కంటి వైద్య సంస్థ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద సర్వే చేసింది. హైదరాబాద్, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్‌లలో 10,293 మందికి కళ్లు పరీక్షించారు. (మన ఉత్తరాంధ్ర అందులో లేదు. ఇలాంటి వాటిలో మనం లేకపోవడం కొత్తా కాదు.) హైదరాబాద్ భాగంలో తేలిన ఒక లెక్క అప్పట్లో కంటి డాక్టర్లను ఉలిక్కిపడేలా చేయాల్సింది. నీటికాసుల్లో ఒక రకమైన ఓపెన్ యాంగిల్ గ్లాకోమా ఉన్నవాళ్లలో తమకు జబ్బుందని అంతకుముందే తెలిసినవాళ్లు 7.4 శాతమే. మిగతావాళ్లు చూపు పోగొట్టుకుంటూనే ఉన్నారు, వాళ్లకి తెలియదు.

అదే సర్వేలో పాల్గొన్నవాళ్లను రోజువారీ బతుకు గురించి కూడా అడిగారు. చూపు వల్ల పనుల్లో, నడకలో, నలుగురితో కలవడంలో ఎంత ఇబ్బంది ఉందో ప్రశ్నలు వేసి మార్కులు కట్టారు. దాని ఫలితం 2006లో వచ్చింది. శుక్లాలు, రెటీనా జబ్బులు ఉన్నవాళ్లకి చార్టు చదవడం ఎంత తగ్గితే బతుకులో ఇబ్బంది అంత పెరిగింది. నీటికాసులున్నవాళ్లకి, నల్లగుడ్డు జబ్బులున్నవాళ్లకి అలా కాదు. చార్టు మీద ఏ వరుస చదివినా, దానితో సంబంధం లేకుండానే బతుకు దెబ్బతింది. ఇంకోలా చెప్పాలంటే, 6/9 (మామూలు చూపున్నవాళ్లు తొమ్మిది మీటర్ల నుంచి చదివే వరుసని ఆరు మీటర్ల నుంచి) చదివే నీటికాసుల మనిషీ, 6/9 చదివే మామూలు మనిషీ ఒకటి కాదు. పరదేశం నుంచి తెచ్చిన సిద్ధాంతం కాదిది, మనవాళ్లను అడిగి మనవాళ్లే తేల్చిన మాట. 2006 తర్వాత కూడా చూపుకి చార్టే కొలత అని ఎవరైనా అంటే, తెలియక అన్నారని నేననుకోను.

అయినా చార్టే కొలతగా ఉండిపోయింది. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం 1976లో మొదలైననాటి నుంచి దాని ప్రాణమంతా శుక్లాల్లోనే ఉంది. శుక్లాల ఆపరేషన్ చేస్తే మర్నాడు కట్టు విప్పగానే పెద్దావిడ మనవడి ముఖం చూసి నవ్వుతుంది. ఎన్ని కళ్లు తెరిపించామో లెక్క చెప్పొచ్చు. 2019 అక్టోబరు 10న అనంతపురంలో మొదలైన కంటి వెలుగులో కూడా జనానికి గుర్తున్నవి కళ్లద్దాలు, శుక్లాల ఆపరేషన్లే. నీటికాసుల్లో కట్టు విప్పే రోజే ఉండదు. అంతా బాగా జరిగితే ఏమవుతుందంటే, ఏమీ అవదు. ఉన్నది ఉన్నట్టు ఉంటుంది. దాంతో ఏ ఫొటో దిగుతారు?

నాకిది దగ్గర్నుంచి తెలుసు. మా మావయ్య ముప్ఫై ఏళ్లు గాజువాక నుంచి జగదాంబ దాకా ఆటో నడిపాడు. మొదట వచ్చిన మార్పులను ఇంట్లో ఎవరం జబ్బనుకోలేదు. పొద్దుటే బీచ్ రోడ్డులో సముద్రం మీంచి ఎండ ఎదురుగా కొడితే చిరాకు పడేవాడు. ఎండలోంచి పూర్ణా మార్కెట్ లోపలికి అడుగుపెడితే కాసేపు ఏమీ అర్థమయ్యేది కాదు. మద్దిలపాలెం దగ్గర పక్కనుంచి బైకు దూసుకొస్తే "ఎక్కణ్నుంచి ఊడిపడ్డాడ్రా ఈడు!" అని తిట్టేవాడు. ఆ బైకు ఎక్కణ్నుంచీ ఊడిపడలేదు, అప్పటికే ఆయనకి ఆ పక్క పోయింది.

కెనడాలో 2007లో వచ్చిన ఒక అధ్యయనంలో నీటికాసులున్నవాళ్లు కింద పడిపోయే అవకాశం మిగతావాళ్లకంటే మూడు రెట్లకు పైన, వాహన ప్రమాదాల్లో ఇరుక్కునే అవకాశం ఆరు రెట్లకు పైన ఉన్నట్టు తేలింది. చిన్న అధ్యయనమే, ఒక్కో వైపు యాభై మంది కూడా లేరు. కానీ దాన్ని మన డ్రైవింగ్ లైసెన్సు మెడికల్ సర్టిఫికెట్ పక్కన పెట్టి చూడండి. ఆ ఫారంలో చూపు గురించి డాక్టర్ని అడిగే ముఖ్యమైన ప్రశ్న, పగటి వెలుతురులో 25 మీటర్ల దూరంలో ఉన్న కారు నంబరు ప్లేటు ఈ మనిషి గుర్తుపట్టగలడా అని. మావయ్య పట్టగలడు. ఇప్పటికీ పట్టగలడు.

తర్వాతి దశ మెట్ల దగ్గర వచ్చింది. విశాఖ సంగతి తెలిసిందే, సగం ఊరు కొండవాలు మీదే ఉంటుంది. కంచరపాలెం వైపు మావయ్య ఇంటికి ఎక్కాలంటే నలభై పైన మెట్లు, ఏ రెండూ ఒక ఎత్తున ఉండవు. చూపులో కింది సగం పోయిన మనిషికి ఎక్కడం కంటే దిగడం నరకం. కాలు పెట్టే చోటు ఎప్పుడూ ఆ పోయిన సగంలోనే ఉంటుంది. రెండుసార్లు పడ్డాక ఆయన సాయంత్రం రామాలయానికి వెళ్లడం మానేశాడు. అడిగితే మోకాళ్లన్నాడు. చుట్టాల పెళ్లికి మానేశాడు, గ్యాస్ అన్నాడు. ఎదురుపడ్డవాళ్లను పలకరించకుండా పోతున్నాడని వీధిలో మాట పడ్డాడు. వాళ్లు తన పక్కన నిలబడి ఉన్నారని ఆయనకి తెలిస్తే కదా.

ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయం సరిచేయాలి. నీటికాసులంటే గొట్టంలోంచి చూసినట్టుంటుందని, చుట్టూ నల్లగా కమ్ముకుంటుందని పోస్టర్లలో బొమ్మ వేస్తారు. లండన్‌లో 50 మంది రోగులకు రకరకాల బొమ్మలు చూపించి మీ చూపు ఎలా ఉందని అడిగిన అధ్యయనం 2013లో వచ్చింది. నల్లటి గొట్టం బొమ్మను ఒక్కరూ ఎంచుకోలేదు. కొన్ని చోట్ల మసకగా ఉందన్నారు, కొన్ని వస్తువులు లేనేలేవన్నారు. చూపు పోయినచోట మెదడు చుట్టుపక్కల ఉన్నదాంతో అతుకు వేసేస్తుంది. అందుకే "నీకేం కనబడట్లేదు?" అని బోర్డులో అడిగితే ఆ మనిషి నీళ్లు నములుతాడు. కనబడనిదేదో అతనికే కనబడదు.

ఇక మందు. మూడు రకాల చుక్కలు, ఒకటి ఫ్రిజ్‌లో పెట్టాలి. నెలకి 1,200 అవుతుంది. కళ్లు ఎర్రబడతాయి, రెప్పల చుట్టూ నల్లబడుతుంది. ఆస్తమా ఉన్నవాళ్లకి టిమోలాల్ లాంటి చుక్కలతో ఆయాసం పెరగొచ్చు. ఇంతా చేస్తే చూపు మెరుగవదు. "ఏస్తే ఏటి, మానేస్తే ఏటి, రెండూ ఒకలాగే ఉన్నాయి కదరా" అని మావయ్య ఒక ఏడాది మానేశాడు. ఎడమ కన్ను పోయింది ఆ ఏడాదే. ఇప్పుడు అత్తే టైము చూసుకుని వేస్తుంది. ఆసుపత్రికి వెళ్లాల్సిన రోజున ఆవిడ కూడా పని మానుకోవాలి. ఆ కూలి ఏ పర్సంటేజీలోనూ చేరదు.

చట్టం సంగతికొస్తే, దాన్ని పూర్తిగా తప్పుపట్టలేం. దివ్యాంగుల మీద వచ్చిన 1995 చట్టంలోనే చూపు విస్తీర్ణం (తల కదపకుండా ఎంత మేర కనబడుతుందన్నది) 20 డిగ్రీలకు తగ్గితే అంధత్వమే అన్నారు. 2016 చట్టం ఆ గీతను 10 డిగ్రీలకు జరిపింది, 40 నుంచి 10 డిగ్రీల మధ్య ఉన్నవాళ్లను లో విజన్ కింద చేర్చింది. 2018లో వచ్చిన మార్గదర్శకాల్లో పర్సంటేజీల పట్టిక ఉంది. ఒక కన్ను పూర్తిగా పోయి, రెండో కన్ను 6/18 గానీ అంతకంటే మెరుగ్గా గానీ చదివితే 30 శాతం. పింఛనుకి 40 కావాలి కాబట్టి అక్కడితో కథ ముగిసింది. కానీ అదే పట్టికలో ఇంకో మాటుంది. మెరుగైన కంటికి చార్టు చూపు బాగున్నా సరే, విస్తీర్ణం 40 డిగ్రీల లోపుంటే లెక్క మారిపోతుంది. రెండో కన్ను ఇంచుమించు పోయి ఉంటే 60 శాతం వస్తుంది. అంటే ఈ విస్తీర్ణం కొలిచే ఫీల్డ్ టెస్టు కాగితం చూశారా లేదా అన్నదాని మీద ఒకే మనిషి 30 అవుతాడు, 60 అవుతాడు.

పట్టికలో లోటు లేదని కాదు. డిగ్రీల కొలత చూపు చుట్టూరా సమానంగా కుంచించుకుపోతుందన్న ఊహ మీద నడుస్తుంది. నీటికాసులు అలా మర్యాదగా రావు. విల్లులాగా వంగి ఒక పక్క తింటాయి, పైసగమో కిందిసగమో మింగుతాయి. కిందిసగం పోయినవాడిని ఎన్ని డిగ్రీలని రాయాలి? పట్టికలో దానికి సూటిగా సమాధానం కనబడదు.

బోర్డులో కూర్చునేవాళ్ల వాదన కూడా ఉంది. ఫీల్డ్ టెస్టులో యంత్రంలోకి చూస్తూ వెలుగు చుక్క కనబడ్డప్పుడల్లా రోగే బటన్ నొక్కాలి. కావాలని నొక్కకపోతే ఏం చేస్తామంటారు. దొంగ సర్టిఫికెట్లు ఉన్నమాట నిజమే, కాదనను. అయితే ఆ యంత్రమే పొరపాటు నొక్కుళ్లను, చూపు పక్కకి తప్పడాన్ని లెక్కగట్టి కాగితం మీద అచ్చేస్తుంది. కంటి నరం ఫొటో, దాని దెబ్బ చూపే ఓసీటీ స్కాన్ పక్కన పెట్టి పోల్చుకోవచ్చు. అసలు ఇబ్బంది టైముది. చార్టు చదివించడం ఒక నిమిషం పని, ఫీల్డ్ టెస్టు ఒక్కో కంటికి చాలా నిమిషాలు. పాడేరు కొండల మీంచి దిగొచ్చినవాళ్లతో సహా క్యూ బయటిదాకా ఉన్నప్పుడు ఏది చేస్తారో ఊహించడం కష్టం కాదు.

ఇదంతా ఇప్పుడే ఎందుకు బద్దలైందంటే, డబ్బు. 2024 జూలైలో దివ్యాంగుల పింఛను 3,000 నుంచి 6,000 అయింది, వృద్ధాప్య పింఛను 4,000 అయింది. అంతకుముందు కొన్ని నెలలు రెండూ ఒకటే, ఆ ముందూ తేడా తక్కువే కాబట్టి 60 ఏళ్లు దాటినవాడికి సదరం కాగితంలో, అంటే వైకల్యం సర్టిఫికెట్‌లో, ఎంతుందన్నది పెద్ద విషయం కాదు. ఇప్పుడు ఆ కాగితం నెలకి 2,000. మావయ్య లాంటివాళ్లకి చుక్కల మందు, పైన కొంత.

ఆయన పాత సర్టిఫికెట్‌లో 60 ఉండేది. కొత్తదాంట్లో 30. పోయిన చూపు తిరిగి రాని జబ్బులో ఇదెలా సాధ్యం? మొదటిసారి పరీక్షించినప్పుడు కుడి కంటికి నీటికాసులతోపాటు శుక్లం కూడా ఉంది, చార్టు మీద 6/36 చదివాడు. తర్వాత శుక్లం తీయించుకున్నాడు, 6/9కి వచ్చాడు. చార్టు ప్రకారం బాగుపడ్డాడు. రెండుసార్లూ చార్టే చూశారు కాబట్టి రెండు అంకెలూ నిజాయితీగా వేసినవే. మోసం ఎవరూ చేయలేదు, ఆయనా చేయలేదు. "అచ్చరాలన్నీ సదివీసేనురా" అన్నాడు ఆ రోజు ఇంటికొచ్చి, తప్పుచేసినవాడిలా.

మావయ్య దగ్గర తొమ్మిదేళ్ల ఫీల్డ్ టెస్టు కాగితాలున్నాయి. బూడిదరంగు బొమ్మలో నల్లమచ్చ ఏడాదికేడాది లోపలికి జరుగుతూ కనబడుతుంది. కిందటేడు దానిలో కుడి కంటికి 40 డిగ్రీల లోపే మిగిలింది. వెరిఫికేషన్ రోజున ఆ ఫైలు ఆయన సంచీలోనే ఉంది. వాళ్లు అడగలేదు, అడక్కుండా ఇస్తే ఏమనుకుంటారోనని ఈయన తీయలేదు. అప్పీలు దరఖాస్తుకి మొన్న ఆ కాగితాలే పైన పెట్టి పిన్ను కొట్టాం.