సింధు జలాల ఒప్పందం: అసలు పేచీ అడుగు తూముల దగ్గరే

1947లో పంజాబ్‌ను చీల్చిన సరిహద్దు రేఖ కాలువలను చూసి గీసింది కాదు. రావిపై మాధోపూర్, సట్లెజ్‌పై ఫిరోజ్‌పూర్ హెడ్‌వర్క్స్ (నది నీటిని కాలువల్లోకి మళ్లించే కట్టడాలు) భారత్‌లో ఉండిపోయాయి. వాటి కింది ఆయకట్టులో చాలా భాగం పాకిస్థాన్‌కు పోయింది. నీటి సరఫరాపై కుదిరిన తాత్కాలిక ఏర్పాటు 1948 మార్చి 31తో ముగిసింది. మర్నాడే తూర్పు పంజాబ్ ప్రభుత్వం నీళ్లు ఆపేసింది. మే 4న ఢిల్లీలో రాజీ కుదిరింది కానీ, ఎగువనున్న భారత్ ఎప్పుడైనా నీళ్లు కట్టేస్తుందన్న భయం పాకిస్థాన్‌కు అప్పుడు పట్టుకున్నదే.

ప్రపంచ బ్యాంకు మధ్యవర్తిత్వంతో 1960 సెప్టెంబర్ 19న కరాచీలో నెహ్రూ, అయూబ్ ఖాన్ సంతకాలు చేశారు. బచావత్ ట్రిబ్యునల్ కృష్ణా నీటిని టీఎంసీల్లో పంచిందని మనకు తెలుసు. సింధు విషయంలో పంచుకున్నది నీటిని కాదు, నదులనే. రావి, బియాస్, సట్లెజ్ (ఏటా సగటున 33 మిలియన్ ఎకరాల అడుగులు, సుమారు 1,437 టీఎంసీలు) భారత్‌కు వచ్చాయి. సింధు, జీలం, చీనాబ్ (135 మిలియన్ ఎకరాల అడుగులు, సుమారు 5,880 టీఎంసీలు) పాకిస్థాన్‌కు వెళ్లాయి. ఏటా వాటాల లెక్క తేల్చుకునే పని లేదు. 1965, 1971 యుద్ధాలను ఒప్పందం తట్టుకోవడానికి ఇదే ముఖ్య కారణమనిపిస్తుంది.

గొడవల్లో చాలావరకు పాకిస్థాన్‌కు వెళ్లిన ఆ పడమటి నదులపై భారత్‌కు మిగిలిన జలవిద్యుత్ హక్కు చుట్టూనే. నిల్వ ఎంత, గేట్లు, తూములు ఏ ఎత్తులో ఉండాలి అన్నది ఒప్పందంలోని అనుబంధం-డి చెబుతుంది. తూము ఎంత కింద ఉంటే పూడిక అంత బాగా కొట్టుకుపోతుంది. కానీ అదే తూముతో జలాశయాన్ని ఖాళీ చేస్తే, తిరిగి నింపేటప్పుడు దిగువకు నీళ్లు ఆగుతాయి. చీనాబ్‌పై ఉన్న సలాల్ డ్యాంలో, పాకిస్థాన్‌తో చేసుకున్న 1978 ఒప్పందం ప్రకారం భారత్ అడుగు తూములు మూసేసింది. హిమాలయ నది మోసుకొచ్చే మట్టితో జలాశయం పూడిపోయింది. అందుకే అదే నదిపై బాగ్లిహార్ డ్యాంలో కింది గేట్ల కోసం గట్టిగా పట్టుబట్టింది. 2007లో ఈ పేచీ తేల్చడానికి ప్రపంచ బ్యాంకు నియమించిన తటస్థ నిపుణుడు లాఫిట్ గేట్లకు ఒప్పుకుని, నిల్వను 3.75 కోట్ల ఘనపు మీటర్ల నుంచి 3.256 కోట్లకు తగ్గించారు. జీలం ఉపనదిపై కట్టిన కిషన్‌గంగ జలవిద్యుత్ కేంద్రం కేసులో 2013లో మధ్యవర్తిత్వ కోర్టు దీనికి అడ్డుకట్ట వేసింది: ఇకపై కట్టే కేంద్రాల్లో పూడిక తీయడానికి నీటిమట్టాన్ని డెడ్ స్టోరేజీ (విద్యుత్ తయారీకి వాడని అడుగు నిల్వ) మట్టం కిందికి దించకూడదంది.

పహల్గాం దాడి మర్నాడు, 2025 ఏప్రిల్ 23న, భారత్ ఒప్పందాన్ని నిలిపివేసింది. 12వ అధికరణ ప్రకారం దాన్ని మార్చాలన్నా, ముగించాలన్నా ఇద్దరూ కలిసి మరో ఒప్పందం చేసుకోవాలి. ఏకపక్ష నిలుపుదల మాట అందులో లేదు. నిలిపేసినంత మాత్రాన నీళ్లు ఆగవు. పడమటి నదులపై ఒప్పందం అనుమతించిన నిల్వే 3.6 మిలియన్ ఎకరాల అడుగులు, సుమారు 157 టీఎంసీలు. నాగార్జునసాగర్ ప్రస్తుత సామర్థ్యంలో సగం. అదైనా పూర్తిగా కట్టుకోలేదు. మారేది మరొకటి. చీనాబ్‌పై కొత్త జలాశయాన్ని మొదటిసారి నింపడం జూన్ 21, ఆగస్టు 31 మధ్య, నది నిండుగా పారేటప్పుడే జరగాలన్న నియమం ఉంది. ఆ తేదీలు పక్కకు పోతే, ఖరీఫ్ విత్తే మే నెలలో కొద్ది రోజులు ప్రవాహం తగ్గినా దెబ్బ తగిలేది పాకిస్థాన్ పంజాబ్ రైతుకే.